ఎస్. ఇ. హింటన్ రివ్యూ: ఐదు టీనేజ్ నవలలు, ఏది ముందు చదవాలి?

నమస్కారం. ఇవాళ ఒక్క పుస్తకాన్ని కాదు, ఒక రచయిత్రి కెరీర్ మొత్తాన్ని రివ్యూ చేద్దాం. ఎస్. ఇ. హింటన్. యంగ్ అడల్ట్ నవలల గురించి ఎవరు మాట్లాడినా ఈ పేరు రాకుండా ఉండదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోట్లమంది చదివిన ఆవిడ మొదటి నవల ఆవిడ అన్నిటికన్నా మంచి నవల కాదు. ఆ స్థానం మూడోదానిది. కానీ చదవడం మాత్రం మొదటిదానితోనే మొదలుపెట్టాలి. ఎందుకో వీడియోలో తెలుస్తుంది.

పూర్తి పేరు సూసన్ ఎలోయిస్ హింటన్. ఊరు అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా. విల్ రోజర్స్ హైస్కూల్లో చదువుతూ పదిహేనో ఏట "ద అవుట్‌సైడర్స్" మొదలుపెట్టారు. చాలా భాగం రాసింది పదహారో ఏట. వాళ్ల నాన్నగారు మెదడు క్యాన్సర్‌తో పోయింది ఆ రోజుల్లోనే. నవల రాసే ధ్యాసలో ఉన్న ఆ ఏడాది క్రియేటివ్ రైటింగ్ క్లాసులో వచ్చిన గ్రేడు డి. తర్వాత, స్నేహితురాలి తల్లి పిల్లల పుస్తకాలు రాసే మనిషి కావడంతో, ఆవిడ ద్వారా రాతప్రతి న్యూయార్క్‌లో ఒక ఏజెంటు దగ్గరికి చేరింది. వైకింగ్ ప్రెస్ కాంట్రాక్టు హైస్కూల్ గ్రాడ్యుయేషన్ రోజునే వచ్చింది. 1967లో పుస్తకం వచ్చింది. మగపిల్లల కొట్లాటల కథ ఒక అమ్మాయి రాసిందంటే సమీక్షకులు నమ్మరేమోనని పబ్లిషర్లు పేరును పొడి అక్షరాలకు కుదించారు.

కథ ఇదీ. ఊళ్లో రెండు గుంపులు. తూర్పు వైపు పేద కుర్రాళ్లు గ్రీజర్లు. పడమటి వైపు డబ్బున్న కుర్రాళ్లు, వాళ్లను సోషెస్ అంటారు. కథ చెప్పేది పద్నాలుగేళ్ల పోనీబాయ్. అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోయారు. ఇరవై ఏళ్ల పెద్దన్న డారీ ఇళ్ల పైకప్పులు వేసే పని చేసి ఇల్లు నడుపుతుంటాడు. రెండో అన్న సోడాపాప్ చదువు మానేసి పెట్రోల్ బంకులో చేరాడు. ఒక రాత్రి పార్కులో కత్తిపోటు జరుగుతుంది. పోనీబాయ్, అతని స్నేహితుడు జానీ ఇద్దరూ ఊరు వదిలి పాడుబడ్డ చర్చిలో దాక్కుంటారు. అంతకుమించి చెప్పను.

ఈ చర్చి అధ్యాయం దగ్గర ఆగి చదవండి. జుట్టు కత్తిరించుకుని పెరాక్సైడ్‌తో రంగు మార్చుకోవడం, రోజుల తరబడి బలోనీ శాండ్‌విచ్‌లే తినడం, సిగరెట్లు, పేకముక్కలు, పొద్దుపోక చదువుకునే ఒక లావుపాటి నవల. దాక్కోవడంలో ఉండే భయం కన్నా విసుగునే ఎక్కువ చూపించారు. పెద్దవాళ్లు రాసుంటే ఇక్కడ వెంటాడే పోలీసులను పెట్టేవాళ్లు. ఆ వయసులో రాస్తే మాత్రమే పట్టుబడే విషయం ఇది.

లోపాలున్నాయి. అగ్నిప్రమాదం సరిగ్గా కథకు కావలసిన సమయానికే వస్తుంది. డబ్బున్న గుంపులోని చెరీ తప్ప అమ్మాయిలెవరూ మనుషులుగా నిలబడరు. మాటిమాటికీ కళ్లలో నీళ్లు. కానీ ఇది పోనీబాయ్ ఇంగ్లిష్ టీచరు కోసం రాస్తున్న వ్యాసం అని పుస్తకంలోనే తేలుతుంది. అందుకే వాక్యాల్లో తడబాటు ఆ పిల్లాడిదే అనిపిస్తుంది తప్ప రచయిత్రిది అనిపించదు. హింటన్‌ను చూసి రాయబోయేవాళ్లు తరచూ బోల్తా పడేది ఇక్కడే. స్లాంగు తెచ్చుకుంటారు, కొట్లాట తెచ్చుకుంటారు, ఆ పిల్లాడు ఎవరికి చెబుతున్నాడో ఎందుకు చెబుతున్నాడో తేల్చుకోరు. దాంతో నడివయసు మనిషి కుర్రాడి గొంతు పెట్టి మాట్లాడినట్టు ఉంటుంది.

ఆ విజయం తర్వాత కలం ఆగిపోయింది. పద్దెనిమిదేళ్లకే అంత పేరొస్తే రెండో పుస్తకంలో ప్రతి వాక్యాన్నీ మొదటిదానితో పోల్చుకోవలసి వస్తుంది. అప్పుడు స్నేహితుడు, తర్వాత భర్త అయిన డేవిడ్ ఇన్‌హోఫ్ ఒక షరతు పెట్టారు. రోజుకు రెండు పేజీలు రాయాలి, లేకపోతే ఆ సాయంత్రం బయటికి వెళ్లడం లేదు. రోజుకు రెండంటే వంద రోజులకు రెండు వందల పేజీలు, ఒక చిన్న నవలకు సరిపడా. అలా తయారైన "దట్ వాజ్ దెన్, దిస్ ఈజ్ నౌ" 1971లో వచ్చింది. అన్నదమ్ముల్లా పెరిగిన బ్రయన్, మార్క్ మధ్య మాదకద్రవ్యాల వల్ల పడే చీలిక కథ. వాక్యాలు బిగువుగా ఉంటాయి, పొల్లు మాట కనపడదు. మొదటి నవలలోని పొంగు కూడా కనపడదు. రోజువారీ లెక్క కాగితం ముందు కూర్చునే భయాన్ని పోగొడుతుంది కానీ, కథకు ప్రాణం పొయ్యడం దాని పని కాదు. అయినా ముగింపు మాత్రం అయిదు పుస్తకాల్లోనూ చాలా కఠినమైనది. పద్నాలుగు దాటాకే ఇవ్వండి.

ఇప్పుడు మూడోది, 1975 నాటి "రంబుల్ ఫిష్". యూనివర్సిటీలో ఉన్నప్పుడు 1968లో కథానికగా అచ్చయిన విషయాన్నే నవల చేశారు. కథ చెప్పే రస్టీ జేమ్స్‌కు తెలివి తక్కువ, చుట్టూ జరిగేది సగమే అర్థమవుతుంది. అతను దేవుడిలా చూసే అన్న మోటార్‌సైకిల్ బాయ్‌కి రంగులు కనపడవు. అన్న చెయ్యి దాటిపోతున్నాడని పాఠకుడికి అర్థమవుతుంది, చెబుతున్న తమ్ముడికి అర్థం కాదు. పోనీబాయ్ పుస్తకాలు చదివే పిల్లాడు, మనసులో మాట చెప్పగలడు. రస్టీ జేమ్స్ చెప్పలేడు. చెప్పలేనివాడి నోటితో నవల మొత్తం నడపడం ఎంత కష్టమో రాసేవాళ్లకు తెలుసు. ఇంత చిన్న పుస్తకంలో ఆవిడ అది సాధించారు. ముందే ఇది చదివితే పొడిగా అనిపించి పక్కన పెట్టేస్తారు. మొదటి నవల చదివి వస్తే ఎంత వదిలేశారో, ఎందుకు వదిలేశారో కనిపిస్తుంది.

1979లో "టెక్స్". ఊరి వాతావరణం, తండ్రి ఇల్లు పట్టకుండా రోడియోల వెంట, అంటే గుర్రాలూ ఎద్దుల మీద స్వారీ చేసే పోటీల వెంట, తిరుగుతుంటే బిల్లులు కట్టడానికి అన్న గుర్రాలు అమ్మేస్తాడు. కాస్త నవ్వు కూడా ఉన్న పుస్తకం. తొమ్మిదేళ్ల తర్వాత 1988లో "టేమింగ్ ద స్టార్ రన్నర్". ఇందులో హీరో స్వయంగా నవల రాసిన కుర్రాడు. నాకు అన్నిటికన్నా బలహీనంగా అనిపించింది ఇదే. మొదటి నలుగురిలా హీరో తనే చెప్పడు, బయటి నుంచి చెప్పిన కథ కావడం ఒక కారణం. అదే 1988లో టీనేజ్ పాఠకుల కోసం రాసేవాళ్లకు అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఇచ్చే మార్గరెట్ ఎడ్వర్డ్స్ అవార్డు మొట్టమొదటగా ఆవిడకే దక్కింది.

అమెరికాలో ఉన్న మన కుటుంబాలకు ఒక మాట. మీ పిల్లలు ఏడులోనో ఎనిమిదిలోనో "ద అవుట్‌సైడర్స్" ఇంటికి తెచ్చే అవకాశం ఎక్కువ. సిగరెట్లు, మందు, కత్తులు ఉన్నాయని కొన్ని చోట్ల దీన్ని తీసేయమన్న ఫిర్యాదులూ వచ్చాయి. కంగారు పడకుండా ముందు మీరు చదవండి, పన్నెండే అధ్యాయాలు. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లిష్ నవల మొదలుపెట్టాలనుకునేవాళ్లకూ ఇది బాగా సరిపోతుంది. అప్పటి స్లాంగు ఒక్కటే అడ్డం. అందులో వీడ్ అంటే సిగరెట్టు, హీటర్ అంటే తుపాకి, ఫజ్ అంటే పోలీసులు, రంబుల్ అంటే ముందే చెప్పుకుని చేసే గుంపు కొట్లాట. ఈ నాలుగూ తెలిస్తే చాలావరకు సాగిపోతుంది.

సినిమా సంగతి. కాలిఫోర్నియాలో ఫ్రెజ్నో దగ్గర ఒక స్కూలు లైబ్రేరియన్, పిల్లల సంతకాలతో దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలాకు ఉత్తరం రాశారు, ఈ పుస్తకం తియ్యమని. 1983లో ఆయన తీశారు. టామ్ క్రూజ్ చిన్న వేషంలో ఉంటాడు, హింటన్ నర్సుగా కనిపిస్తారు. అదే ఏడాది "రంబుల్ ఫిష్" కూడా ఆయనే తీశారు. నలుపు తెలుపు సినిమా, పేరులోని పోట్లాడే చేపలకు మాత్రం రంగు. స్క్రీన్‌ప్లేలో హింటన్ కూడా పాలుపంచుకున్నారు. "ద అవుట్‌సైడర్స్" చూసేటప్పుడు 2005లో వచ్చిన పొడవాటి వెర్షన్ వెతకండి. అందులో ఇరవై రెండు నిమిషాలు ఎక్కువ. 1983లో కత్తిరించిన అన్నదమ్ముల సన్నివేశాలు అందులో తిరిగి చేర్చారు. అవి లేకపోతే డారీ ఊరికే అరిచే అన్నలా మిగిలిపోతాడు.