చేప నార్వేది, కోత పోలండ్‌ది

నమస్కారం. 2024లో నార్వే సుమారు 175 బిలియన్ క్రోనర్ల విలువైన చేపలను, ఇతర సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసి తన పాత రికార్డును తానే దాటింది. రూపాయల్లో చెప్పుకుంటే అది లక్షా ముప్పై వేల కోట్ల పైమాట. ఇంత రాబడి ఉన్న పరిశ్రమలో చేప కోసే ప్లాంట్లకు కష్టాలేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే ఈ అంకె అమ్మకాల విలువను చెబుతుందే తప్ప, ఆ చేపను కోసి, శుభ్రం చేసి, ప్యాకెట్లో పెట్టే పని ఏ దేశంలో జరుగుతున్నదో చెప్పదు.

ఆ ఎగుమతుల్లో మూడింట రెండు వంతులకు పైగా పెంపకపు సాల్మన్‌దే. అందులో అధిక భాగం పేగులు మాత్రం తీసేసి, మంచు నింపిన థర్మాకోల్ పెట్టెల్లో, నిండు చేపగానే లారీలెక్కి పోలండ్, డెన్మార్క్ వంటి దేశాలకు వెళుతుంది. మొదటి కారణం కూలి. నార్వేలో దేశమంతటికీ వర్తించే కనీస వేతన చట్టమంటూ లేదు గాని, చేపల ప్రాసెసింగ్ రంగానికి మాత్రం 2015 నుంచి కనీస వేతనాన్ని తప్పనిసరి చేశారు. అనుభవం లేని కార్మికుడికైనా గంటకు ఇంచుమించు 200 క్రోనర్లు, అంటే సుమారు 1,600 రూపాయలు ఇవ్వాలి. రొయ్యల తలలు తీసి, పొట్టు వలిచే షెడ్లు ఏ కూలి మీద నడుస్తాయో తెలిసిన భీమవరం, కాకినాడ వాళ్లకు ఈ తేడాను వివరించనక్కరలేదు.

రెండవది సుంకం. నార్వే యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశం కాదు. అక్కడికి తాజా సాల్మన్‌ను నిండుగా పంపితే 2 శాతం సుంకం, అదే చేపకు పొగబెట్టి పంపితే 13 శాతం. అంటే విలువ పెంచి పంపినవాడికే శిక్ష! పొగబెట్టే కర్మాగారాలు సరిహద్దుకు అవతల వెలిశాయంటే ఆశ్చర్యమేముంది?

మూడవదాన్ని చాలామంది గమనించరు. చంపిన కొన్ని గంటలకు చేప కండ బిగుసుకుపోతుంది. ఆ బిగువు సడలేదాకా కండలోని సన్నటి ముళ్లను లాగితే మాంసం చిరుగుతుంది. సడలడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆలోగా లారీ పోలండ్ చేరనే చేరుతుంది. జీవశాస్త్రం కూడా పొరుగు దేశానికే అనుకూలించిందన్నమాట.

ఇక పన్ను సంగతి. 2022 సెప్టెంబరులో ప్రభుత్వం సాల్మన్ పెంపకంపై 40 శాతం వనరుల పన్ను ప్రతిపాదించగానే కంపెనీల షేర్లు ఒక్కసారిగా పడిపోయాయి, కొత్త ప్లాంట్ల పెట్టుబడులు ఆగాయి, కొన్నిచోట్ల కార్మికులను తాత్కాలికంగా ఇళ్లకు పంపారు. చివరకు 2023 మేలో పార్లమెంటు దానిని 25 శాతానికి తగ్గించి ఆమోదించింది. ఉమ్మడి సముద్రాన్ని వాడుకుని గడించిన అసాధారణ లాభంలో ప్రజలకు వాటా అడగడం నా దృష్టిలో అన్యాయం కాదు. నిజానికి ఖర్చులో పెద్ద వాటా మేతది, ఆపైన చేపల ఒంటిని పట్టి పీడించే సముద్రపు పేల నివారణది. 2023లో సముద్రపు పంజరాల్లో 6 కోట్లకు పైగా సాల్మన్ చేపలు చచ్చిపోయాయి. అవి తిన్న మేత ఖర్చును ఏ పన్ను రాయితీ తిరిగి తెచ్చిపెట్టలేదు.

అసలు గడ్డుకాలం ఉత్తరాన, కాడ్ చేప మీద బతికే ఫిన్‌మార్క్ తీరపు ఊళ్లది. నార్వే, రష్యాలు కలిసి నిర్ణయించే బారెంట్స్ సముద్రపు కాడ్ కోటా, అంటే ఏడాదిలో పట్టగల చేపకు పరిమితి, 2021లో 8,85,600 టన్నులు ఉండగా, 2025కి 3,40,000 టన్నులకు పడిపోయింది. 1991 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎన్నడూ లేదు. సరుకు తగ్గితే ధర పెరుగుతుంది కనుక పడవ యజమానికి కొంత ఊరట దక్కుతుంది. కోసే ప్లాంటుకు ఆ ఊరట లేదు: ముడిచేపకు ఎక్కువ ధర పెట్టాలి, యంత్రాలను మాత్రం సగం రోజులే నడపాలి. పైగా పెద్ద ట్రాలర్లు సముద్రంలోనే తల తీసి గడ్డకట్టించిన కాడ్‌లో కొంత చైనాకు వెళ్లి, అక్కడ కరిగి, చేతితో ముక్కలై, మళ్లీ గడ్డకట్టి యూరప్ దుకాణాలకు చేరుతుంది. అంత దూరం ప్రయాణించినా అదే చవక!

క్రోనర్ బలహీనపడితే ఎగుమతిదారుకు లాభమని అంటారు, కొంతవరకు నిజమే. అయితే ఉత్తరాది ప్లాంట్లలో పనిచేసేది ఎక్కువగా పోలండ్, లిథువేనియాల నుంచి వచ్చినవారు. క్రోనర్ పడినకొద్దీ వారు ఇంటికి పంపే సొమ్ము కరుగుతుంది, ధ్రువప్రాంతపు చలికాలాన్ని భరించి అక్కడ ఉండడానికి కారణమూ కరుగుతుంది.

చేప వచ్చే కాలం మరో చిక్కు. గుడ్లు పెట్టేందుకు కాడ్ జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తర నార్వేలోని లొఫొటెన్ దీవుల వైపు గుంపులుగా వస్తుంది. ఊరంతా ఆ నాలుగు నెలలు నిద్రపోదు, ఆ తర్వాత ప్లాంటుకు పని పలచబడుతుంది. ఏడాది పొడవునా పని ఉండాలని, చలికాలం దాటాక తాజా చేప తెచ్చిన పడవలకు ప్రభుత్వం అదనపు కోటా ఇచ్చే పద్ధతి పెట్టింది. ఆలోచన మంచిదే. కాని ఆ అదనం ఆకాశం నుంచి ఊడిపడదు, తీరపు పడవల మొత్తం కోటాలోంచే తీయాలి. కోటా పుష్కలంగా ఉన్న రోజుల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ కోత, ఇప్పుడు పక్క పడవ యజమాని నోటి దగ్గరి కూడు లాగినట్టే.