లోపలి నోరు

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట నేను మాట్లాడబోయే జబ్బు పేరు వినగానే కొన్ని ఇళ్లలో రేడియో గొంతు తగ్గిస్తారని నాకు తెలుసు. తగ్గించకండి. అదే జబ్బుతో బాధపడుతున్నవాళ్లు పక్క గదిలో చెవులు రిక్కించి వింటూ ఉండొచ్చు. మలద్వారం పక్కన పుట్టే ఫిస్టులా ఒకటి, పిరుదుల మధ్య చీలికలో పైభాగాన వచ్చే పైలోనిడల్ సైనస్ ఒకటి. ఈ రెండింటి గురించి, వీటికి ఇప్పుడు చిన్న కోతతో చేస్తున్న ఆపరేషన్ల గురించి చెబుతాను.

నేను జనరల్ సర్జన్‌ని. పుట్టింది పర్లాకిమిడిలో, చదివింది బరంపురంలో. ఇరవై ఏళ్లుగా పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ మధ్యే నా తిరుగుడు. మా దగ్గరికి వచ్చేవాళ్లు తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగిస్తారు, లేదంటే ఒడియాలో మొదలుపెట్టి తెలుగులోకి దిగుతారు. ఈ జబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏ భాషలోనూ మాట పెగలదు. "ఏటీ లేదు బాబూ, చిన్న గడ్డ" అంటారు. ఆ చిన్న గడ్డ ఎన్నాళ్ల నుంచి అని అడిగితే రెండేళ్లు, మూడేళ్లు.

ఒక బట్టల కొట్టాయన సంగతి చెబుతాను. నలభై అయిదేళ్లుంటాయి. ఆయన నోరు విప్పకముందే నాకు జబ్బు సగం తెలిసిపోయింది. కుర్చీలో ఒక పక్కకే ఒరిగి కూర్చున్నాడు. ఎప్పుడూ తెల్ల పంచె కట్టే మనిషి, ఆ రోజు ముదురు రంగు ప్యాంటులో వచ్చాడు. మొదట గడ్డ లేచిందట. జ్వరం, సలుపు, రెండు రాత్రులు నిద్ర లేదు. ఎవరో చెబితే ఆకు కట్టు కట్టారు. పగిలింది, చీము పోయింది, హాయిగా నిద్రపట్టింది. పీడ వదిలిందనుకున్నాడు. మూడు నెలలకు అదే చోట మళ్లీ లేచింది. ఆ తర్వాత అది పూర్తిగా మానిందీ లేదు, పూర్తిగా లేచిందీ లేదు. రోజూ కాస్త రసి, కాస్త చీము, బట్టలకు మరక. భార్యకు కూడా చెప్పలేదు. మొలలనుకుని మందుల షాపులో ట్యూబులు కొనుక్కుని రాసుకున్నాడు.

మన దగ్గర ఆ చోట ఏమొచ్చినా మొలలే! మొలలంటే ఉబ్బిన రక్తనాళాలు, వాటి నుంచి రక్తం పడుతుంది. ఫిషర్ అంటే చర్మం చిట్లడం, విరేచనానికి వెళితే కత్తితో కోసినట్టుంటుంది. ఫిస్టులా వేరు. పెద్దవాళ్లు భగందరం అంటారు, కొందరు లూటీ అంటారు. ఒడియాలోనూ భగందరే. మొలల మందు దీనికి పనిచెయ్యదు.

మలద్వారం లోపల ఓ రెండు సెంటీమీటర్ల లోతున చుట్టూ చిన్న చిన్న గ్రంథులు ఉంటాయి. జిగురు ఊరించడం వాటి పని. వాటిలో ఒకదాని మూతి పూడుకుపోతే లోపల చీము పడుతుంది. ఆ చీము దారి వెతుక్కుంటూ కండరాల మధ్య నుంచో, కండరాన్ని తొలుచుకునో చర్మం దాకా వస్తుంది. మీ చేతికి తగిలే గడ్డ అదే. ఆ దశలో మాత్రల కోర్సు ఒక్కటే వాడి కూర్చుంటే లాభం లేదు, చీము తీయించాలి. షుగరు ఉన్నవాళ్లయితే ఒక్క రోజు కూడా ఆగకూడదు. గడ్డ పోయాక చాలామందికి అక్కడితో సరి. సుమారు ముగ్గురిలో ఒకరికి మాత్రం, కొన్ని లెక్కల్లో ఇంకా ఎక్కువమందికి, లోపలి నుంచి బయటికి ఒక సొరంగం మిగిలిపోతుంది. దానికి రెండు నోళ్లు. బయటి నోరు మీకు తెలుస్తూనే ఉంటుంది. లోపలి నోరు తెలియదు.

వ్యవసాయం చేసేవాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు. వరి మడి గట్టుకు ఎలుక బొరియ పడితే ఏం చేస్తారు? అవతల నీళ్లు కారుతున్న చోట మట్టి కొడితే ఓ పూట ఆగుతుంది, రాత్రికి పక్క నుంచి కారుతుంది. మడిలో దిగి, నీళ్లలో చెయ్యి పెట్టి తడిమి, లోపలి నోరు పట్టుకుని అక్కడ మూస్తేనే నీరు నిలుస్తుంది. ఫిస్టులా ఆపరేషన్ అంతా ఇదే. కోత చిన్నదా పెద్దదా అన్నది నాకు తర్వాతి మాట. లోపలి నోరు దొరికిందా లేదా అన్నదే మొదటి మాట.

ఇక గట్టు సంగతి. మలద్వారం చుట్టూ రెండు కండరాల పట్టీలు ఉంటాయి. లోపలిది మన ప్రమేయం లేకుండానే బిగిసి ఉంటుంది, బయటిది మనం బిగించుకునేది. ఘాట్ రోడ్డు మీద బస్సు ఆగకపోయినా పరువు నిలుస్తోందంటే ఆ రెండింటి పుణ్యమే. బొరియ గట్టుకు పైపైన ఉంటే కాస్త మట్టి తవ్వి దాన్ని తెరిచేసినా గట్టుకేమీ కాదు. ఎప్పటి నుంచో ఉన్న ఆపరేషన్ ఇదే. పైపైన పోయే ఫిస్టులాలకు ఇప్పటికీ దీన్ని మించింది లేదు, పదిమందిలో తొమ్మిది మందికి పైగా నయమవుతుంది. సొరంగం కండరంలో బాగా లోతుగా దూరితే మాత్రం దాన్ని తెరవడమంటే గట్టు నరకడమే. జబ్బుతో పాటు ఆపుకునే శక్తి కూడా పోవచ్చు.

ఈ ఇరకాటం చాలా పాతది. ఫ్రాన్స్ రాజు 14వ లూయీకి వచ్చింది ఈ జబ్బే. 1686 నవంబరులో ఆయన సర్జన్ ఫెలిక్స్, మత్తు మందు ఇంకా పుట్టని రోజుల్లో, ఆ ఆపరేషన్ చేశాడు. రాజును ముట్టుకునే ముందు అనామక రోగుల మీద నెలల తరబడి చెయ్యి తిప్పుకున్నాడట. రాజుకు నయమైంది. ఆ రోగుల గతి ఏమైందో ఎవరికి పట్టింది?

అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మన సుశ్రుతుడు భగందరాన్ని అయిదు రకాలుగా విడదీశాడు. జల్లెడలా చిల్లులు పడేది శతపోనకం, ఒంటె మెడలా లేచేది ఉష్ట్రగ్రీవం, నత్తగుల్లలా మెలి తిరిగేది శంబూకావర్తం. స్కానింగులు లేని కాలంలో అంతంత తేడాలు పట్టిన ఆ వేళ్లకు దండం పెట్టాలి. ఆయుర్వేదంలో క్షారసూత్రం అనే మందు దారం ఉంది. 1960ల్లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో దీన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చారు. నార దారానికి ఆకుజెముడు పాలు 11 పూతలు, ఆ పాలతో పాటు ఉత్తరేణి క్షారం 7 పూతలు, పాలతో పాటు పసుపు 3 పూతలు వేసి ఆరబెడతారు. ఆ దారాన్ని సొరంగంలో దూర్చి ముడి వేసి వారం వారం మారుస్తుంటే, అది కొద్దికొద్దిగా కోస్తూ, వెనకాల మానుతూ వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి దీన్ని మామూలు ఆపరేషన్‌తో పోల్చి 1991లో ఫలితాలు ప్రచురించింది. దారం కట్టినవాళ్లలో నూటికి నలుగురికి, ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి 11 మందికి ఏడాదిలోగా తిరగబెట్టింది. కాకపోతే దారంతో మానడానికి రెండు నెలలు పట్టింది, ఆపరేషన్‌తో నెల. నేను అల్లోపతి వాణ్ణి. అయినా శిక్షణ ఉన్న ఆయుర్వేద వైద్యుడు ఈ దారం కడతానంటే నేను వద్దనను. గోడల మీద "ఆపరేషన్ లేకుండా మూడు రోజుల్లో మొలలు, లూటీ మాయం" అని రాయించుకుని, ఏమిటో తెలియని ఇంజెక్షన్లు పొడిచేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. వాళ్ల చేతుల్లో కాలిపోయిన కండరాన్ని మళ్లీ తెచ్చిపెట్టడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు.

ఇప్పుడు కొత్త పద్ధతులు. వీటన్నిటి ఉద్దేశం ఒకటే, గట్టు తెగకుండా బొరియ మూయడం. బ్యాంకాక్‌లో అరుణ్ రోజనసకుల్ అనే సర్జన్ 2007లో లిఫ్ట్ అనే పద్ధతి చెప్పాడు. రెండు కండరాల మధ్య సన్నటి సందు ఉంటుంది, అక్కడ చిన్న గాటు పెట్టి, సొరంగాన్ని లోపలి నోటికి దగ్గరలో పట్టుకుని, ముడివేసి కత్తిరిస్తారు. కండరం జోలికి పోరు. ఇటలీలో మైనెరో అనే ఆయన ఇంకో దారి పట్టాడు. పెన్సిలు కంటే సన్నటి గొట్టానికి కెమెరా బిగించి, బయటి నోటిలోంచి సొరంగంలోకే పంపిస్తాడు. నీళ్లు వదులుతూ పోతుంటే లోపలి కొమ్మలు, చీము గదులు టీవీ తెర మీద కనిపిస్తాయి. చివరికి కెమెరా వెలుగు లోపలి నోటి దగ్గర మిణుకుమంటుంది. ఆ వెలుగు మొదటిసారి చూసిన రోజు నాకింకా గుర్తుంది, బొరియలో టార్చి వేసి చూసినట్టే. ఆపైన గోడలను కరెంటుతో మాడ్చి, శుభ్రం చేసి, లోపలి నోరు కుట్టేస్తారు. దీన్ని వాఫ్ట్ అంటారు. ఇక లేజర్ మీరు ప్రకటనల్లో వింటూనే ఉన్నారు. సన్నటి ఫైబరు లోపలికి పంపి, వెనక్కి లాగుతూ సొరంగం గోడలను లోపలి నుంచే మూసుకుపోయేలా కాలుస్తారు.

వీటితో నొప్పి తక్కువ. చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికి వెళతారు, ఆపుకునే శక్తికి ముప్పు బాగా తక్కువ. ఇంతవరకూ ప్రకటనల్లో కూడా చెబుతారు. చెప్పనిది నేను చెబుతాను. లిఫ్ట్, లేజర్ లాంటివి మొదటిసారికే పదిమందిలో ఆరేడుగురికి నయం చేస్తాయి. మిగతావాళ్లకు మళ్లీ చెయ్యాల్సి రావచ్చు. కండరం నిలిచి ఉంది కాబట్టి మళ్లీ చెయ్యడానికి వీలుంటుంది, అదే దీని లాభం. "నూటికి నూరు శాతం గ్యారంటీ" అన్న డాక్టరు దగ్గర లేచి వచ్చెయ్యండి. ఒకసారి తిరగబెట్టినదానికీ, కొమ్మలు ఉన్నాయనిపించినదానికీ ఎంఆర్ఐ తీయించకుండా కత్తి పట్టకూడదని నా పట్టుదల. దానికోసం బరంపురమో విశాఖపట్నమో వెళ్లాల్సి వచ్చినా సరే. ఇంకొకటి, మన దేశంలో మానని ఫిస్టులాకు టీబీ కూడా కారణం కావచ్చు. తీసిన ముక్కను పరీక్షకు పంపారా అని అడగండి. డాక్టర్లకు కోపం రాదు. వస్తే రానివ్వండి.

సరిహద్దులో ఉన్నవాళ్లం కాబట్టి ఆరోగ్య కార్డుల గొడవ కూడా చెప్పాలి. ఒడిశా అడ్రసుతో ఉన్న కార్డు శ్రీకాకుళంలోనో విశాఖలోనో చెల్లుతుందా అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. ఆయుష్మాన్ కార్డుకు రాష్ట్రం ఎల్లలు లేవు. కానీ ఆ ఆసుపత్రి పథకంలో ఉండాలి, మీకు చేసే ఆపరేషన్ కూడా అందులో ఉండాలి. ఫిస్టులా ఆపరేషన్ ఉందన్నంత మాత్రాన లేజరు ఖర్చు ఇస్తారని అనుకోకండి. బస్సు ఎక్కేముందే ఫోన్ చేసి కనుక్కోండి.

బట్టల కొట్టాయన సొరంగానికి రెండు కొమ్మలున్నాయి. ముందు మామూలు దారం వేసి రెండు నెలలు చీమంతా పోనిచ్చాం, తర్వాత లిఫ్ట్ చేశాం. మొత్తం నాలుగు నెలలు పట్టింది. మళ్లీ పంచెకు మారలేదు, ప్యాంటే అలవాటైందట. కుర్చీలో మాత్రం నిటారుగా కూర్చుంటున్నాడు.

ఇక రెండోది, పైలోనిడల్. లాటిన్‌లో ఆ మాటకు వెంట్రుకల గూడు అని అర్థం. ఇది ఫిస్టులా కాదు, మలద్వారానికి సంబంధమే లేదు. పిరుదుల చీలికలో సూది మొనంత గుంటలు పడతాయి. రాలిన వెంట్రుకలు కూర్చున్నప్పుడు ఒరుసుకుని, ఆ గుంటల్లోంచి చర్మం కిందికి దూరిపోతాయి. లోపల గూడు కట్టి చీము పట్టిస్తాయి. పదహారు నుంచి ముప్ఫై ఏళ్ల లోపు కుర్రాళ్లలో ఎక్కువ. నలభై దాటాక అరుదు. పుట్టుకతో వచ్చేదని ఒకప్పుడు అనుకునేవారు. కానీ క్షౌరం చేసేవాళ్లకు వేళ్ల సందుల్లో ఇదే జబ్బు వస్తుంది, అదీ గిరాకీల వెంట్రుకలతో! అది తెలిశాక ఆ వాదన వీగిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు వేలకు వేలుగా దీనితో ఆసుపత్రుల్లో చేరారు. గతుకుల దారుల్లో గంటల తరబడి జీపుల్లో కుదుపులు తినేవారు కాబట్టి దీనికి జీపు జబ్బు అని పేరొచ్చింది.

మాకు జీపుల బదులు లారీలు. రాయగడ నుంచి విజయనగరం వైపు లోడు తోలే కుర్రాడొకడు, 23 ఏళ్లవాడు, వెనక తువ్వాలు మడిచి పెట్టుకుని వచ్చాడు. వాళ్ల అన్నకు నాలుగేళ్ల కింద పాత పద్ధతిలో వెడల్పుగా కోసి గాయం తెరిచి వదిలారట. మూడు నెలలు రోజూ డ్రెస్సింగు, పని లేదు. అది చూసి వీడు భయపడి ఏడాదిన్నర దాచుకున్నాడు. వీడికి తెలియనిదేమిటంటే, జబ్బు చిన్నదిగా ఉన్నప్పుడు అంత కోత అక్కర్లేదు. ఆ చోట మాత్రమే మత్తిచ్చి, గుంటలను రెండు మూడు మిల్లీమీటర్ల చిల్లులుగా తీసేసి, లోపలి వెంట్రుకలు లాగేసి, గోడలు గీకేస్తాం. ఇందాక చెప్పిన మైనెరో ఇదే కెమెరా గొట్టాన్ని దీనికీ వాడాడు. తెర మీద చూస్తూ వెంట్రుకలను ఒక్కొక్కటే చిమటాతో పట్టి లాగొచ్చు. వీడి దాంట్లోంచి ఒక చిన్న కుచ్చు వచ్చింది. చూపిస్తే నమ్మలేదు. చాలా ముదిరినవాటికీ, పదేపదే తిరగబెట్టేవాటికీ మాత్రం ఇప్పటికీ పక్క చర్మాన్ని జరిపి చీలికను చదును చేసే ఫ్లాప్ ఆపరేషనే మేలు. చిన్న కోతతో చేసినప్పుడు తిరగబెట్టే అవకాశం దానికంటే కొంచెం ఎక్కువే, ఆ మాట వాడికి ముందే చెప్పాను.

వారంలో చిన్న చిన్న పనులు చేసుకున్నాడు, మూడు వారాలకు లారీ ఎక్కాడు. రెండు గంటలకోసారి దిగి నడవమన్నాను. ఆ చోట వెంట్రుకలు రెండు వారాలకోసారి తీయించుకోమన్నాను. విశాఖలో లేజరుతో శాశ్వతంగా తీసేస్తారు కానీ అది డబ్బుతో పని. పోయినసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు చోటంతా నున్నగా ఉంది. ఎవరు చేస్తున్నారని అడిగాను. మంగలి షాపులో అడగడానికి సిగ్గేసిందట.

"మా అన్నే సేత్తున్నాడు బాబూ. ఆడిది నాను సేత్తున్నాను."