లవం చూశాం, హారం అడగలేదు

(జాతీయ గణాంక దినోత్సవం సందర్భంగా డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, సాటి లెక్చరర్లకు, చుట్టుపక్కల బళ్ల నుంచి వచ్చిన టీచర్లకు, విద్యార్థులకు నమస్కారం.

జూన్ 29 గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పుట్టినరోజు. 2007 నుంచి దీన్ని గణాంక దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మామూలుగా అయితే ఆయన ఫొటోకి దండ వేస్తాం, ఆయన పేరు మీదున్న సూత్రం ఒకటి బోర్డు మీద రాస్తాం, టీ తాగి ఇళ్లకు వెళ్తాం. ఇవాళ సూత్రాల జోలికి పోను. 2021లో మన రెండు రాష్ట్రాల్లో బళ్లు మళ్లీ తెరిచిన రోజుల్లో ఇంటింటా పెద్దవాళ్లు సాయంత్రం కాగానే ఫోన్ తీసి చూసిన కరోనా అంకెల గురించి మాట్లాడతాను. అంత శ్రద్ధగా లెక్కలు చదివిన కాలం మన జనానికి మరొకటి లేదు. స్టాటిస్టిక్స్ చెప్పుకుని బతికేవాడిగా నాకది సంతోషించాల్సిన విషయమే, సందర్భం అలాంటిది కాకపోతే.

కాస్త వెనక్కి వెళదాం. 2020 మార్చిలో మూసిన బళ్లు మధ్యలో కొన్నాళ్లు తెరుచుకున్నాయి. మళ్లీ తెలంగాణలో 2021 మార్చి 24 నుంచి, ఆంధ్రలో పదో తరగతి తప్ప మిగతా వాళ్లకి ఏప్రిల్ 20 నుంచి మూతపడ్డాయి. ఆ వెంటనే వచ్చిన సెకండ్ వేవ్ గురించి ఈ హాల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మే 6న దేశంలో ఒక్కరోజే 4 లక్షల 14 వేల కేసులు. మే 16న ఆంధ్రప్రదేశ్‌లోనే 24 వేలు దాటాయి. అది తగ్గాక ఆంధ్రలో ఆగస్టు 16న, తెలంగాణలో సెప్టెంబరు 1న బళ్లు తెరిచారు. తల్లిదండ్రుల ప్రశ్న ఒక్కటే: పంపొచ్చా, వద్దా? జవాబు కోసం అందరూ వెతికింది ప్రభుత్వం రోజూ ఇచ్చే కేసుల బులెటిన్‌లో.

ఆ ఆగస్టు 16 సోమవారం. సాయంత్రం మా వీధిలో ఒకావిడ నన్ను ఆపి, "మాస్టారూ, ఇవాళ కేసులు బాగా తగ్గాయంట కదా, రేపట్నుంచి వీణ్ని పంపేయనా?" అని అడిగింది. సోమవారం బులెటిన్‌లో కేసులు ఎప్పుడూ తక్కువే. ఆదివారం శాంపిళ్లు తీసేవాళ్లు తక్కువ, ఇచ్చేవాళ్లు ఇంకా తక్కువ. ఆ ఆదివారమైతే ఆగస్టు 15 కూడాను. వైరస్‌కి సెలవు లేదు గానీ ల్యాబ్‌కి ఉంది. మంగళ, బుధవారాల్లో అంకె మళ్లీ పెరుగుతుంది, టీవీలో "మళ్లీ విజృంభణ" అని ఎర్రక్షరాలు పడతాయి, ఆవిడ మళ్లీ నన్ను ఆపుతుంది. ఏడు రోజుల సగటు వేసుకుంటే ఈ ఎగుడుదిగుళ్లు చాలావరకు పోతాయి. ఆవిడకి నేను చెప్పిందదే: ఇవాళ్టి అంకెని నిన్నటితో పోల్చకండి, పోయిన సోమవారంతో పోల్చండి. బళ్లు తెరిచినందుకు కేసులు పెరిగాయా లేదా తెలియాలన్నా రెండు మూడు వారాలు ఆగాల్సిందే. సోకాక లక్షణాలు రావడానికి కొన్ని రోజులు, టెస్టుకి వెళ్లడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. రెండో రోజు వచ్చిన పాజిటివ్ బళ్లో అంటుకున్నది కాదు, ఇంటి నుంచి వచ్చింది.

అయిదో తరగతిలో మీరంతా భిన్నాలు చదివారు. పైన లవం, కింద హారం. బులెటిన్ చూసేటప్పుడు మనం చేసిన పని లవం చదివి ఊరుకోవడం. వెయ్యి కేసులు అంటే ఎన్ని టెస్టులకి? 20 వేల టెస్టులకి వెయ్యి అయితే 5 శాతం, 70 వేలకి వెయ్యి అయితే ఒకటిన్నర శాతం కూడా లేదు. దీన్నే పాజిటివిటీ రేటు అన్నారు. వరసగా రెండు వారాలు 5 శాతం లోపుంటే పరిస్థితి అదుపులో ఉన్నట్టు అని డబ్ల్యూహెచ్ఓ 2020 మేలోనే ఒక గీత గీసింది. 10 శాతం దాటిన జిల్లాల్లో కట్టడి గట్టిగా ఉండాలని కేంద్రం చెప్పింది. ఈ గీతలు పనికొచ్చేవే, కాకపోతే హారంతోనూ ఆడుకోవచ్చు. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లకే టెస్టులు చేస్తే రేటు పెరుగుతుంది. బస్టాండులో దిగినవాళ్లందరి ముక్కులో పుల్ల పెట్టి రాపిడ్ టెస్టు చేస్తే పడిపోతుంది. ఊళ్లో జబ్బు మాత్రం అంతే ఉంటుంది.

ఇదే తప్పు బడి వార్తల్లో మరీ ఎక్కువగా జరిగింది. "ఫలానా హైస్కూల్లో 10 మందికి పాజిటివ్" అని వార్త రాగానే చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో హాజరు సగానికి పడిపోయేది. లెక్క కోసం ఊహించుకుందాం. ఒక పిల్లాడికి జ్వరం వచ్చింది, పాజిటివ్ వచ్చింది, వెంటనే ఏఎన్ఎం వచ్చి బళ్లో ఉన్న 400 మందికీ టెస్టులు చేసింది. 10 మంది తేలారు, వాళ్లలో చాలామందికి లక్షణాలే లేవు. అంటే రెండున్నర శాతం. ఆ రోజు ఆ ఊళ్లో పెళ్లి భోజనానికి కూర్చున్న 400 మందికి టెస్టులు చేసినవాళ్లెవరూ లేరు కాబట్టి అక్కడ సున్నా. వెతికిన చోట దొరుకుతుంది, వెతకని చోట లేనట్టే కనిపిస్తుంది.

మరి పిల్లల్లో నిజంగా ఎంత? ఆ ఏడాది జూన్‌లో "థర్డ్ వేవ్ పిల్లల మీదే" అనే మాట బాగా పాకింది. జనానికి అంత టెన్షన్ పెట్టిన మాట ఇంకోటి లేదేమో. దానికి ఆధారంగా చూపించింది పిల్లల కేసుల సంఖ్య పెరగడం. పెరిగింది నిజమే, అందరి కేసులూ పెరిగాయి. జూన్ చివర్లో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పిన లెక్క ప్రకారం మొత్తం కేసుల్లో 20 ఏళ్ల లోపు వాళ్లు మొదటి వేవ్‌లో 11.31 శాతం, రెండో వేవ్‌లో 11.62 శాతం. వాటా దాదాపు కదల్లేదు. జనాభాలో ఆ వయసు వాళ్లు మూడో వంతుకు పైనే ఉంటారని గుర్తుంచుకుంటే ఈ అంకె ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది.

అయితే ఇక్కడ కూడా హారం టెస్టు చేయించుకున్న వాళ్లే. లక్షణాల్లేని పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారు టెస్టుకి? అందుకే మహలనోబిస్ దగ్గరికి వస్తున్నాను. శాంపిల్ సర్వేని మన దేశంలో ఒక సంస్థగా నిలబెట్టింది ఆయనే. 2021 జూన్, జులై నెలల్లో ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, నాలుగో సీరో సర్వే చేసింది. రక్తంలో యాంటీబాడీలున్నాయో లేదో చూసే సర్వే అది. జబ్బు సోకినా, వ్యాక్సిన్ వేసుకున్నా ఒంట్లో పుట్టేవి యాంటీబాడీలు. 21 రాష్ట్రాల్లో 70 జిల్లాలు, 28,975 మంది జనం, వాళ్లు కాక ఆరోగ్య సిబ్బంది 7,252 మంది. మన వైపు కృష్ణా, నెల్లూరు, విజయనగరం, జనగామ, కామారెడ్డి, నల్గొండ జిల్లాల్లో రక్త నమూనాలు తీశారు. "నూట ముప్ఫై కోట్ల మందికి 29 వేల మంది ఏ మూలకి?" అని అప్పుడు నన్ను చాలామంది అడిగారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నెంతా తినం, నాలుగు మెతుకులు పట్టుకుంటాం. పైపైన మాత్రమే కాకుండా అడుగు నుంచి కూడా తీయాలి, అంతే. బస్టాండు టెస్టులు లక్షల్లో ఉన్నా చెప్పలేనిది పద్ధతిగా ఏరిన 29 వేల మంది రక్తం చెప్పింది.

ఏం చెప్పింది? ఆరేళ్లు పైబడిన వాళ్లలో 67.6 శాతం మందిలో యాంటీబాడీలున్నాయి. 6 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో 57.2 శాతం, 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 61.6 శాతం. ఈ పిల్లలకి అప్పటికి వ్యాక్సిన్ లేదు. అంటే బళ్లు మూసి, ఇంట్లో కూర్చోబెట్టి, ఆన్‌లైన్ పాఠాలు చెబుతున్న కాలంలోనే ప్రతి అయిదుగురిలో దాదాపు ముగ్గురికి కరోనా వచ్చి వెళ్లిపోయింది. చాలా ఇళ్లలో తల్లిదండ్రులకే తెలియదు. బడి మూయడం పిల్లల్ని కాపాడింది అనే మాటకి ఇంతకంటే గట్టి ఎదురుదెబ్బ నాకు కనపడలేదు. ఆ ఫలితాలు చెప్పిన రోజే ఐసీఎంఆర్ అధిపతి బలరాం భార్గవ, తెరవాలనుకుంటే ముందు ప్రాథమిక పాఠశాలలతో మొదలుపెట్టొచ్చు, సిబ్బందికి వ్యాక్సిన్ వేయండి అన్నారు. చాలా రాష్ట్రాలు సరిగ్గా తలకిందులుగా చేశాయి. ముందు పదో తరగతి, చివర్లో ఒకటో తరగతి. పరీక్షలున్న తరగతులు కదా! బార్లు, సినిమా హాళ్లు ఆ క్యూలో పిల్లలకంటే ముందే ఉన్నాయి. అది లెక్కలు చూసి తీసుకున్న నిర్ణయం కాదని నా అభిప్రాయం.

ఇదే సర్వేలో యాంటీబాడీలున్నవాళ్లు కేరళలో 44.4 శాతం అని తేలింది, ఆంధ్రలో 70.2. ఆగస్టు చివర్లో దేశం మొత్తం కేసుల్లో మూడింట రెండు వంతులు కేరళవే. వాళ్లని చూసి అందరూ "అయ్యో" అన్నారు. సోకిన వాళ్లు తక్కువ కాబట్టే ఇంకా సోకడానికి జనం మిగిలి ఉన్నారు, వచ్చిన కేసుల్ని కూడా వాళ్లు ఎక్కువగా పట్టుకున్నారు. ఒకే అంకె, చదవడంలో ఎంత తేడా!

ఇక వ్యాక్సిన్. మన దగ్గర 2021 జనవరి 16న మొదలైంది, మే 1 నుంచి 18 ఏళ్లు దాటిన అందరికీ తెరిచారు. జూన్ 20న ఆంధ్రలో ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేశారు. అక్టోబరు 21న దేశంలో వంద కోట్ల డోసులు పూర్తయ్యాయి. ఆ వంద కోట్లు విని "ఇంకేం, అయిపోయింది" అనుకున్నవాళ్లు బోలెడు. పెద్దవాళ్ల జనాభా 94 కోట్లు అని అంచనా. ఒక్కొక్కరికి రెండు డోసులంటే కావలసింది 188 కోట్లు. ఆ రోజుకి ఒక డోసైనా పడినవాళ్లు నూటికి 75 మంది, రెండూ పడినవాళ్లు 31 మందే.

బడికి వద్దాం. "స్టాఫ్ అందరికీ వ్యాక్సిన్ అయింది" అని బోర్డులు పెట్టారు. నేను వెళ్లిన ఒక బళ్లో హెచ్ఎం గది తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. పైన స్కెచ్ పెన్నుతో 100% అని రాసి, కింద టీచర్ల పేర్లు, మొదటి డోసు తేదీ, రెండో డోసు తేదీ. రెండో గడి చాలావరకు ఖాళీ. వాళ్ల తప్పు కాదది. కోవిషీల్డ్‌కి రెండు డోసుల మధ్య ఎడం మే నెలలో 12 నుంచి 16 వారాలకి పెంచారు. జూన్ 15న మొదటిది వేయించుకున్న టీచరుకి 84 రోజులు పూర్తయ్యేది సెప్టెంబరు 7న. అది పడ్డాక పని చేయడానికి ఇంకో రెండు వారాలు. తెలంగాణలో బడి తెరిచింది సెప్టెంబరు 1న. టీచర్స్ డే లోపు ఉపాధ్యాయులందరికీ వేయాలని కేంద్రం ఆగస్టు చివర్లో 2 కోట్ల డోసులు అదనంగా ఇస్తామంది. మంచిదే, కానీ క్యాలెండర్‌ని ఎవరూ వంచలేరు.

ఆ కాగితంలో నేను ఇంకొకటి చూశాను. మధ్యాహ్న భోజనం వండే ఇద్దరి పేర్లు లేవు. ఊడ్చే ఆయా పేరు లేదు. పిల్లల్ని కుక్కి తెచ్చే ఆటో అతని పేరు ఎలాగూ ఉండదు. టీచర్లే హారం అయితే నూటికి నూరు. బళ్లో పిల్లల పక్కన మసిలే పెద్దవాళ్లందరూ హారం అయితే ఎంతో ఆ కాగితం చెప్పదు. అసలు పిల్లాడికి ముఖ్యం ఇంట్లో తాత, నానమ్మల రెండో డోసు. వాళ్ల లెక్క ఏ బడి బోర్డు మీదా కనపడలేదు.

"పిల్లలకి వ్యాక్సిన్ వచ్చాకే పంపుతాం" అన్నవాళ్లకి ఏమైంది? 15 నుంచి 17 ఏళ్ల వాళ్లకి 2022 జనవరి 3న కొవాగ్జిన్ మొదలైంది. 12 నుంచి 14 ఏళ్ల వాళ్లకి మార్చి 16న కార్బెవాక్స్. రెండూ హైదరాబాద్ కంపెనీలవే. 12 ఏళ్ల లోపు వాళ్లకి తర్వాత అనుమతులొచ్చాయి గానీ జాతీయ కార్యక్రమంలోకి రానే లేదు. ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలు వ్యాక్సిన్ లేకుండానే బడికొచ్చారు, చదువుకున్నారు.

"రెండు డోసులు వేసుకున్నవాళ్లకే ఎక్కువ వస్తోంది" అనే వాట్సాప్ మెసేజ్ మీ అందరికీ వచ్చే ఉంటుంది. విద్యార్థులు రాసుకోండి, పరీక్షలో అడగదగ్గ లెక్క. ఇవి నేను కల్పించిన అంకెలు. వెయ్యి మందిలో 900 మంది వేసుకున్నారు, 100 మంది వేసుకోలేదు. వేసుకున్నవాళ్లలో నూటికి ఇద్దరు, వేసుకోనివాళ్లలో నూటికి పదిమంది ఆస్పత్రి పాలయ్యారు. ఆస్పత్రిలో లెక్కపెడితే వేసుకున్నవాళ్లు 18, వేసుకోనివాళ్లు 10. మెసేజ్ రాసినవాడు అబద్ధం చెప్పలేదు, రెండు హారాలు దాచిపెట్టాడు.

2022 జనవరిలో కరోనా కొత్త రకం ఒమిక్రాన్ వచ్చినప్పుడు మన రెండు రాష్ట్రాలూ రెండు దారులు పట్టాయి. తెలంగాణ సంక్రాంతి సెలవుల్ని జనవరి 30 దాకా పొడిగించింది. ఆంధ్ర పండగ అయ్యాక జనవరి 17న బళ్లు తెరిచింది. ఫిబ్రవరి మధ్యకల్లా రెండు చోట్లా వేవ్ తగ్గింది. రెండు రాష్ట్రాల్ని పక్కపక్కన పెట్టి ఏదో రుజువైందంటే నేను ఒప్పుకోను. టెస్టుల తీరు వేరు, జనం వేరు. అయినా మూయాలన్నవాళ్లు మూసినందుకు ఏం ఒరిగిందో అంకెల్లో చూపించాలి కదా, నాకైతే ఎవరూ చూపించలేదు. పోయినదాని లెక్క మాత్రం ఉంది. యునెస్కో లెక్కలో మన దేశంలో బళ్లు పూర్తిగానో కొంతగానో 82 వారాలు మూతపడ్డాయి. మూడో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవగలిగిన పిల్లలు గ్రామాల్లో 2018లో 27.3 శాతం ఉంటే, 2022లో 20.5 శాతం అని పిల్లల చదువు ఏపాటిదో కొలిచే అసర్ సర్వే చెప్పింది. ఈ లెక్కకి రోజువారీ బులెటిన్ లేదు.

విద్యార్థులకి ఒక పని ఇచ్చి ముగిస్తాను. కేసుల లెక్కల కోసం దేశమంతా ఆధారపడిన కోవిడ్19ఇండియా వెబ్‌సైట్‌ని వాలంటీర్లు నడిపారు, 2021 అక్టోబరు 31న ఆపేశారు. అప్పటి ఫైళ్లు ఇంకా దొరుకుతాయి. వాటిలోంచి మీ జిల్లా తీసుకుని, బడి తెరవడానికి ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు ఏడు రోజుల సగటు వేసి గ్రాఫ్ గీసుకు రండి. ఆంధ్ర వాళ్లు ఒక్కటి గమనించండి. ఆ ఫైళ్లలో ఉన్నవి పాత 13 జిల్లాలు. 2022 ఏప్రిల్ 4న అవి 26 అయ్యాయి. కోనసీమ అని వెతికితే దొరకదు, తూర్పు గోదావరిలో వెతకాలి. జనాభా కూడా పాత జిల్లాదే వేయాలి. 2021లో జరగాల్సిన జనగణన అప్పుడు జరగలేదు కాబట్టి 2011 అంకె వాడుతున్నారో, అంచనా వాడుతున్నారో గ్రాఫ్ కింద రాయండి. రాయని వాళ్లకి మార్కులు వేయను.