ఎర్రమట్టి దిబ్బల్లో రెండు కాలాలు

అందరికీ నమస్కారం.

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూడనివాళ్లు ఈ హాల్లో ఎక్కువమంది ఉండరు. ఫొటోలు దిగి ఉంటారు, సినిమా పాటల్లో చూసి ఉంటారు. గాలి, వాన, సముద్రం కలిసి నేలకు రూపం ఎలా ఇస్తాయో చూపించమని నన్నెవరైనా అడిగితే ముందు అక్కడికే తీసుకెళ్తాను. హైదరాబాద్ గుట్టల్లోని గ్రానైట్‌ది దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసు. ఆ గుండ్లు అరిగే తీరు మనిషి ఆయుష్షుకు అందదు. ఇక్కడ మాత్రం ఒక్క వానాకాలం గడిస్తే తేడా కంటికి కనిపిస్తుంది.

ముందు ఇసుక సంగతి. సింహాచలం కొండ, కైలాసగిరి ఖొండలైట్ అనే రాయితో ఏర్పడ్డాయి. అందులో క్వార్ట్జ్, గార్నెట్ లాంటి ఖనిజాలుంటాయి. వానకూ ఎండకూ ఆ రాయి చివికి ఇసుకవుతుంది, వాగులు దాన్ని సముద్రంలో కలుపుతాయి. ఇంతవరకు ఏ తీరంలోనైనా జరిగేదే. మరి సముద్రం పాలైన ఇసుక మళ్లీ ఒడ్డుకెక్కి ఇంత ఎత్తున ఎలా పేరుకుంది?

సుమారు 20,000 ఏళ్ల క్రితం భూమి మీది నీటిలో పెద్ద భాగం ఉత్తరాది ఖండాల మీద, ధ్రువాల దగ్గర మంచుగడ్డలై నిలిచిపోయింది. సముద్రం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి దిగింది. ఇవాళ మన మత్స్యకారులు వలలు వేసే చోట చాలామేర అప్పుడు ఆరిన ఇసుక నేల. నైరుతి రుతుపవనాలు బలహీనంగా ఉండేవి. ఇసుకను పట్టి ఉంచడానికి పచ్చదనం పలచన. గాలికి ఇక అడ్డేముంది? ఆ ఇసుకను ఎత్తి ఒడ్డున పోసింది. ఇందులో గాలి వంతు ఎంత, వాగుల వంతు ఎంత, సముద్రం వంతు ఎంత అన్నదానిపై శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా తెగలేదు. దిబ్బల పుట్టుకకు సముద్ర మట్టం ఎక్కిదిగడంతో సంబంధం ఉందనే నా నమ్మకం.

ఇక ఎరుపు. ఈసారి వెళ్లినప్పుడు చిటికెడు మట్టి అరచేతిలో వేసుకుని నాలుగు చుక్కల నీళ్లతో రుద్ది చూడండి. వేళ్లకు ఎర్రరంగు అంటుతుంది. కింద మిగిలే రేణువుల్లో చాలావరకు గాజుముక్కల్లా మెరిసే క్వార్ట్జే. రంగంతా రేణువు మీది పూతది. గార్నెట్ లాంటి ఖనిజాలు చివికినప్పుడు విడుదలైన ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి హెమటైట్ అనే ఎర్రటి ఇనుప ఖనిజంగా మారి రేణువులకు పట్టింది. దానికి వేడి కావాలి, తేమ కావాలి, తడవడం ఆరడం వేల ఏళ్లపాటు మళ్లీ మళ్లీ జరగాలి. పొడి కాలం తెచ్చిపోసిన ఇసుకకు తడి కాలం రంగు వేసిందన్నమాట. ఆ రెండు కాలాలూ మీ అరచేతిలోనే ఉన్నాయి.

అదే వాన దిబ్బను కోస్తుంది కూడా. పొడిగా ఉన్నప్పుడు ఆ గోడ నిట్టనిలువుగా నిలబడుతుంది. కాస్త బంకమన్ను, ఆ ఇనుప పూత రేణువుల్ని పట్టి ఉంచుతాయి. నానిందా, ఆ పట్టు సడలుతుంది. పైనుంచి దూకే నీరు గోడ పాదాన్ని తొలుస్తుంది, పై భాగం ఆధారం లేక విరిగి పడుతుంది. అలా గండి ఏటేటా వెనక్కి జరుగుతూ పోతుంది. కొన్నిచోట్ల 30 మీటర్ల లోతున్న లోయలు ఇలా ఏర్పడినవే. వాన వెలిశాక కిందికి దిగి వాగు అడుగును చూడండి. నల్లటి చారలు కనిపిస్తాయి, అక్కడక్కడ గులాబీ రంగు కలుస్తుంది. నలుపు ఇల్మెనైట్ అనే బరువైన ఖనిజం, గులాబీ గార్నెట్. తేలికైన క్వార్ట్జ్‌ను నీరు ఈడ్చుకుపోతే బరువైనవి వెనకబడ్డాయి. మన అమ్మలు చేటతో బియ్యం చెరిగినట్టే నీరు ఇసుకను చెరిగింది.

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2014లో ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. చాలా సంతోషం. అయితే దిబ్బలు కోతకు గురవుతున్నాయని, అడ్డుగోడలు కట్టాలని, మొక్కలు నాటి కోత ఆపాలని కొందరు సదుద్దేశంతోనే అంటుంటారు. నేను ఒప్పుకోను. ఆ కోతే ఈ రూపాన్నిచ్చింది. దాన్ని పూర్తిగా ఆపితే మనకు మిగిలేది చెట్లు కప్పిన ఇసుక మేట.

నా భయం వేరు. పైన నేల చదును చేసి, సిమెంటు కాలువ కట్టి, పది దారుల్లో పారే నీటిని ఒకే గండిలోకి మళ్లిస్తే, దానికి ఆ గోడ ఎన్నాళ్లు ఆగుతుంది? పైగా వానలూ మారుతున్నాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు, అంటే కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. ఏడాది మొత్తం వర్షపాతం మారకపోయినా, పది రోజుల్లో పడాల్సింది ఒక్క పూటలో పడితే గోడ కూలే వేగం మారిపోతుంది.

అందుకే అధికారులకు నేను చెప్పదలచుకున్నది ఒకటి ఉంది. రక్షిత ప్రాంతానికి హద్దు గీసేటప్పుడు ఎర్రగా కనిపించేంతమేర కంచె వేసి ఊరుకోకండి. దిబ్బల మీదికి నీరు ఏ మెరక నుంచి వస్తుందో ఆ మెరకను, అది ఏ వాగుల్లో సముద్రం చేరుతుందో ఆ వాగుల ముఖద్వారాలను కూడా హద్దులోకి తీసుకోండి. ఆ హద్దుల సర్వేను ముందుగా వానాకాలంలో, నీరు పారుతుండగా చేయండి.