ఏటవాలు స్థలంలో ఇల్లు: ముందు ప్లాన్ కాదు, సెక్షన్ గీయండి

[తెర మీద: కాగితంపై చక్కగా గీసిన మూడు పడకగదుల ప్లాన్. కెమెరా పక్కకు తిరగ్గానే కాగితం కింద నేల వాలుగా కనిపిస్తుంది.]

ఈ ప్లాన్‌లో తప్పేమీ కనిపించదు. హాలు, వంటగది, మూడు పడకగదులు, అన్నీ ఉన్నాయి. చిక్కల్లా ఏంటంటే, దీన్ని గీసింది చదునైన నేల కోసం, కట్టబోయేది వాలు మీద. ఇలాంటి ప్లాన్ పట్టుకుని స్థలంలోకి దిగితే మిగిలేది ఒకటే దారి: జేసీబీ పిలిచి నేలనే ప్లాన్‌కు తగ్గట్టు మార్చడం.

అది ఎంత పనో లెక్క వేద్దాం. ఇల్లు 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. నేల వాలు 15 శాతం, అంటే 10 మీటర్లు నడిచేసరికి నేల మీటరున్నర దిగుతుంది. దిగువ అంచు మట్టానికి మొత్తం తవ్వి చదును చేయాలంటే 75 ఘనపు మీటర్ల మట్టి తీయాలి. సుమారు 130 టన్నులు! పైగా ఎగువ వైపు మీటరున్నర ఎత్తున మట్టి నిలువుగా మిగిలిపోతుంది. దాన్ని ఆపడానికి ఇంకో గోడ.

[తెర మీద: సగం తవ్వి, సగం పోసిన నేల బొమ్మ. పోసిన భాగం వేరే రంగులో.]

సగం తవ్వి ఆ మట్టినే మిగతా సగంలో పోస్తే తవ్వకం పావు వంతుకు తగ్గుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అప్పుడు ఇల్లు సగం పాత నేల మీద, సగం కొత్త మట్టి మీద కూర్చుంటుంది. కొత్త మట్టి కుంగినంతగా పాత నేల కుంగదు. గోడలు పగిలేది ఇలాంటి చోటే. మట్టి పోసిన వైపు కూడా పునాదిని ఆ మట్టి దాటించి, కింది గట్టి నేల దాకా దింపాల్సిందే.

అందుకే ఇక్కడ మొదట గీయాల్సింది సెక్షన్. ఇంటినీ నేలనూ నిలువుగా కోస్తే పక్కనుంచి ఎలా కనిపిస్తుందో, ఆ బొమ్మ. ఏ గది ఏ ఎత్తులో ఉండాలో అది తేలుస్తుంది. ఏ గది పక్కన ఏ గది అన్నది ఆ తర్వాతి మాట.

[తెర మీద: కాంటూర్ మ్యాప్. గీతలు ఒక్కొక్కటే వెలుగుతాయి.]

సెక్షన్ గీయాలంటే నేల ఎత్తులు తెలియాలి. సర్వేయర్ చేత కాంటూర్ మ్యాప్ గీయించుకోండి. అందులో ఒక్కో గీత ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతుంది. గీతలు దగ్గరగా ఉంటే వాలు ఎక్కువ, దూరంగా ఉంటే తక్కువ. ఎత్తులో ప్రతి అర మీటరుకో గీత ఉండాలని ముందే చెప్పండి. పది మీటర్లకో గీత ఉన్న మ్యాప్ ఇంటి స్థలానికి ఎందుకూ పనికిరాదు. తొలి అంచనాకైతే మేస్త్రీలు మట్టం చూడ్డానికి వాడే నీటి గొట్టం, లెవెల్ ట్యూబ్ చాలు. ఒక్క మాట, శాతాన్నీ డిగ్రీలనూ కలిపేసుకోకండి. 100 శాతం వాలంటే నిలువు గోడ కాదు, 45 డిగ్రీలు. 20 శాతమంటే 11 డిగ్రీలు దాటి కొంచెం, అంతే.

ఇక అసలు లెక్క. వాలు దిశలో ఇంటి కొలత ఎంతో చూసి (దీన్నే ఇంటి లోతు అందాం), దాన్ని వాలు శాతంతో గుణించండి. వచ్చిన ఎత్తును ఒక అంతస్తుతో, అంటే సుమారు 3 మీటర్లతో పోల్చండి.

[తెర మీద: ఒకే ఇల్లు, కింద వాలు మెల్లగా పెరుగుతుంటుంది.]

నేల అర మీటరు దిగితే ప్లింత్, అంటే ఇంటి అడుగు పీఠం, కాస్త ఎత్తు చేసి, నాలుగు మెట్లు పెడితే సరిపోతుంది. మామూలు ఇల్లే. మీటరున్నర దిగితే అది అర అంతస్తు, స్ప్లిట్ లెవెల్‌కు, అంటే అర అంతస్తు తేడాతో గదులుండే ఇంటికి, అతికినట్టు సరిపోతుంది. 3 మీటర్లు దిగితే ఒక పూర్తి అంతస్తు వాలులో ఇమిడిపోతుంది: దాని వెనక మట్టి, ముందు తోట. ఈ రెండింటికీ మధ్య, ఏ 2.2 మీటర్లో వస్తే? ఇంటి లోతు మార్చండి, లేదా ఇంటిని తిప్పండి. అటూ ఇటూ కాని ఎత్తులు ఖర్చు పెంచుతాయి, అడుగున దేనికీ అక్కరకు రాని చీకటి ఖాళీలు మిగులుస్తాయి.

తిప్పడం అంటే చిన్న విషయం కాదు. 16 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు ఉన్న ఇంటిని 20 శాతం వాలు మీద పెట్టి చూడండి. పొడవు వైపు వాలుకు అడ్డంగా, కాంటూర్ గీతల వెంట ఉంటే ఇంటి కింద నేల దిగేది 1.4 మీటర్లు. అదే ఇంటిని వాలు వెంబడి నిలబెడితే 3.2 మీటర్లు. స్థలం అదే, గదులూ అవే, పునాది పని మాత్రం రెట్టింపు పైనే. స్థలం సన్నగా, వాలు వెంబడే పొడుగ్గా ఉంటే మాత్రం గత్యంతరం లేదు, ఇంటిని మెట్లు మెట్లుగా దించాలి.

[తెర మీద: స్ప్లిట్ లెవెల్ ఇంటి సెక్షన్. మధ్యలో మెట్లు, రెండు వైపులా అర అంతస్తు తేడాతో గదులు.]

స్ప్లిట్ లెవెల్ అంటే నాకు ఇష్టం. మెట్లు ఇంటి మధ్యలో ఉంటాయి, తొమ్మిది మెట్లు ఎక్కగానే ఒక మట్టం, ఇంకో తొమ్మిది ఎక్కితే మరొకటి. మెట్లు ఆగే ప్రతి చోటూ (ల్యాండింగ్) ఏదో ఒక గది గుమ్మమే కాబట్టి కారిడార్లకు చోటు పెద్దగా పోదు. హాల్లో కూర్చున్నవాళ్ళకు పైన భోజనాల బల్ల దగ్గర మాటలు వినపడతాయి. ఈ పద్ధతిని చివరికంటా తీసుకెళ్ళిన ఇల్లు ఒకటుంది: ప్రాగ్‌లో ఆర్కిటెక్ట్ అడాల్ఫ్ లోస్ రూపొందించిన విల్లా ముల్లర్, 1930లో పూర్తయింది. వాలు స్థలంలోనే కట్టారు. గదులన్నీ వేరువేరు మట్టాల్లో, వేరువేరు ఎత్తుల్లో ఉంటాయి, వాటిని చిన్న చిన్న మెట్ల వరుసలు కలుపుతాయి. చూడ్డానికి అద్భుతం. చక్రాల కుర్చీలో తిరిగేవాళ్ళు ఇంట్లో ఉంటే మాత్రం నరకం.

కుటుంబం ఇల్లు అన్నప్పుడు ఇది పక్కన పెట్టే విషయం కాదు. ర్యాంపు వేద్దాంలే అనుకుంటారు. 1:12 వాలుతో, అంటే 12 మీటర్లకు ఒక మీటరు చొప్పున, మీటరున్నర ఎక్కాలంటే 18 మీటర్ల ర్యాంపు కావాలి, మధ్యలో ఆగే చోట్లు అదనం. ఇంట్లో అది కుదిరే పని కాదు. కాబట్టి బయటి నుంచి లోపలికి వచ్చే మట్టంలోనే ఒక పడకగది, ఒక స్నానాలగది, వంటగది, భోజనాల చోటు పెట్టండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకూ, కాలికి కట్టుతో ఇంటికొచ్చిన పిల్లాడికీ అదే ఆధారం. మిగతా మట్టాల్లో ఎన్ని మెట్లున్నా పర్వాలేదు.

[తెర మీద: ఎగువన రోడ్డు ఉన్న ఇల్లు, తర్వాత దిగువన రోడ్డు ఉన్న ఇల్లు.]

ఆ ప్రవేశం ఏ మట్టంలో ఉండాలో చాలావరకు రోడ్డే చెబుతుంది. రోడ్డు ఎగువన ఉంటే పై అంతస్తులోకి నేరుగా నడిచి వస్తారు. హాలు, వంటగది అక్కడే ఉంటాయి, దృశ్యమూ అక్కడి నుంచే బాగుంటుంది. పడకగదులు కిందికి, తోట వైపుకు వెళ్తాయి. అలవాటు లేనివాళ్ళకు పడుకోవడానికి కిందికి దిగడం కొంచెం వింతగా అనిపిస్తుంది, కొన్నాళ్ళకు ఆ ఊసే ఉండదు. కాకపోతే మురుగునీటి పైపు రోడ్డు కింద ఎంత లోతులో ఉందో ఇప్పుడే కనుక్కోండి. కింది అంతస్తు బాత్రూమ్ దానికంటే దిగువన ఉంటే మురుగు దానంతటది ఎక్కదు, పంపు పెట్టాలి. ఆ పంపు ఆగిన రోజు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

రోడ్డు దిగువన ఉంటే ఈ టెన్షన్ లేదు, మురుగు తనంతట తనే దిగిపోతుంది. కారు కింద, మనుషులు పైన. సామాను సంచులన్నీ ఒక అంతస్తు మోయాలి, అందుకని కారు నుంచి వంటగదికి వెళ్ళే మెట్లు వీలైనంత తిన్నగా, దగ్గరగా ఉండనివ్వండి. కారు దారి వాలు 15 శాతం దాటకపోతే మేలు. దాటితే రెండు చివర్లా కొన్ని మీటర్ల మేర వాలు తగ్గించాలి, లేదంటే బండి అడుగు నేలకు రాసుకుంటుంది.

[తెర మీద: కింది అంతస్తు ప్లాన్. మట్టి వైపు గోడ ముదురు గోధుమ రంగులో.]

కింది అంతస్తులో ఒక వైపు గోడకు కిటికీ ఉండదు, అవతల మట్టే. స్టోర్, బాత్రూములు, బట్టలుతికే చోటు, మెట్లు ఆ గోడకు ఆనించండి. వెలుగు కావాల్సిన గదులన్నీ దిగువ వైపుకు తీసుకురండి. కిటికీ లేని మూల గదిని "ప్రస్తుతానికి స్టడీ రూమ్" అని ప్లాన్‌లో రాస్తే ఒప్పుకోకండి. రేపు అందులో మంచం పడుతుంది. పడకగదికి గాలీ వెలుగే కాదు, ప్రమాదం వస్తే బయటపడే దారి కూడా ఉండాలి.

ఆ మట్టి వైపు గోడ దగ్గర కాస్త ఆగుదాం. మట్టి తోసే బలం ఎత్తుతో సమానంగా పెరగదు. మీటరున్నర గోడ 3 మీటర్లయితే బలం నాలుగు రెట్లవుతుంది, గోడను పడదోసే ప్రభావం ఎనిమిది రెట్లు. అందుకే తోటలో మట్టిని ఆపే ఒకే ఎత్తైన గోడ (రిటైనింగ్ వాల్) బదులు రెండు పొట్టి గోడలు మెరుగు. కానీ పై గోడ మరీ దగ్గరగా ఉంటే దాని భారం కింది గోడ మీదే పడుతుంది. కింది గోడ ఎత్తుకు కనీసం రెండింతల దూరం వదలండి.

[తెర మీద: గోడ వెనక మట్టిలో నీలి రంగు నీరు నెమ్మదిగా పైకి చేరుతుంది.]

మట్టికన్నా భయపడాల్సింది నీటికి. గోడ వెనక నీరు నిలిస్తే దాని తోపు కూడా మట్టి తోపుకు తోడవుతుంది. గోడ వెనక కంకర, మట్టి లోపలికి రాకుండా ఫిల్టర్ గుడ్డ, అడుగున చిల్లుల పైపు ఉండాలి. ఆ పైపు దిగువన ఎక్కడో బయటికి తెరుచుకోవాలి. ఎక్కడ తెరుచుకుంటుందో ప్లాన్‌లో గీయించుకోండి, ఎందుకంటే చాలా ప్లాన్‌లలో పైపు మొదలవుతుంది గానీ ఎక్కడ ముగుస్తుందో ఉండదు. ఇంటికి ఎగువన కొండ మీదుగా వచ్చే వాన నీటిని ముందే ఒక కాలువతో పక్కకు మళ్ళించండి. పక్కవాళ్ళ స్థలంలోకి మాత్రం కాదు.

[తెర మీద: బల్ల మీద ఫోమ్ బోర్డు పొరలతో చేసిన నమూనా.]

చివరగా, ఇవన్నీ కాగితం మీద చూసి నిర్ణయించకండి. 5 మిల్లీమీటర్ల మందం ఫోమ్ బోర్డు తీసుకుని, కాంటూర్ గీతల ప్రకారం పొరలుగా కోసి అతికించండి. 1:100 స్కేలులో ఒక్కో పొర సరిగ్గా అర మీటరు. అదే స్కేలులో గదులు అట్టతో చేసి దాని మీద అటూ ఇటూ జరపండి. ఏ ఎత్తు అతకడం లేదో ఇంట్లో పిల్లలు కూడా చూపించగలరు. ఇంటికి చోటు తేలాక అక్కడి మట్టి పరీక్ష చేయించి, ఆ రిపోర్టు, సెక్షన్ రెండూ తీసుకుని స్ట్రక్చరల్ ఇంజినీర్ దగ్గరకు వెళ్ళండి.