గేమ్‌లో హీరో మనమే, మరి సినిమాలో ఎవరు?

(విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవాళ్లు: గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ ఒకరు, స్క్రీన్‌ప్లే రచయిత ఒకరు, గుంటూరు నుంచి వచ్చిన గేమ్ డిజైనర్.)

యాంకర్: నమస్తే. ఈరోజు టాపిక్ కొంచెం తేడాగా ఉంటుంది. మంచి కథ ఉన్న సైన్స్ ఫిక్షన్ గేమ్‌ని సినిమాగా తీయాలంటే ఎలా? సార్, ముందు మీరే చెప్పాలి. ఎవరైనా మీ ఆఫీసుకొచ్చి, వీడియో గేమ్‌ని సినిమా తీశాం, కృష్ణా గుంటూరు మీరు తీసుకోండి అంటే?

డిస్ట్రిబ్యూటర్: టీ ఇచ్చి పంపించేస్తానమ్మా. (నవ్వులు) నవ్వులాటకి కాదు, నిజమే చెబుతున్నా. 2023లో మారియో సినిమా 130 కోట్ల డాలర్లు దాటింది, నాకూ తెలుసు. కానీ అది పిల్లల సినిమా, పిల్లాడొస్తే అమ్మా నాన్నా కూడా రావాల్సిందే, ఒకడి సరదాకి మూడు టికెట్లు తెగుతాయి. మీరు చెప్పేది అది కాదుగా. ఎక్కడో అంతరిక్షం, నోరు తిరగని పేర్లు, ఆడినవాడికి తప్ప ఎవరికీ తెలియని కథ. మన దగ్గర గేమ్ అంటే ఫోన్‌లో పబ్జీ. అందులో కథేముంది, విమానంలోంచి దూకి కాల్చుకోవడమేగా.

డిజైనర్: అంకుల్, పబ్జీతో వీటిని కలపకండి ప్లీజ్. మాస్ ఎఫెక్ట్ అని ఒకటుంది, బయోవేర్ వాళ్లది, 2007లో మొదటిది, 2010లో రెండోది, 2012లో మూడోది. మూడూ కలిపి ఒకే కథ. మొదటి దాంట్లో మీరు తీసుకున్న నిర్ణయం సేవ్ ఫైల్‌లో ఉండిపోయి మూడో దాంట్లో ఎదురొస్తుంది. నేను బీటెక్‌లో ఉండగా హాస్టల్‌లో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఆడితే, ఇద్దరికీ వచ్చింది వేరే వేరే కథలు.

డిస్ట్రిబ్యూటర్: మరి అంత బాగుంటే సినిమా ఎందుకు తీయలేదు?

డిజైనర్: తీస్తామన్నారు. 2010లోనే లెజెండరీ అనే హాలీవుడ్ నిర్మాణ సంస్థ వాళ్లు ప్రకటించారు. ఏళ్లు గడిచాయి, సినిమా రాలేదు, ఇప్పుడు దాన్ని అమెజాన్ వాళ్లు సిరీస్‌గా తీస్తామంటున్నారు.

రచయిత: నేను చెప్పొచ్చా? అందరూ నిడివి గురించి మాట్లాడతారు, గేమ్ ముప్పై గంటలు, సినిమా రెండున్నర గంటలు, ఎలా కుదురుతుంది అని. నా దృష్టిలో అది చిన్న సమస్య. నిడివి కత్తిరించడం మా పని, రోజూ చేసేదే. అసలు చిక్కు హీరో దగ్గర ఉంది. మాస్ ఎఫెక్ట్‌లో కమాండర్ షెపర్డ్ మగా ఆడా అన్నది ఆడేవాడి ఇష్టం. ముఖం వాడే చెక్కుకుంటాడు. మంచివాడా మొరటువాడా అన్నదీ వాడి ఇష్టమే. లక్షలమంది లక్ష రకాలుగా సొంతం చేసుకున్న మనిషిని తెచ్చి, ఇదిగో ఇతనే షెపర్డ్ అని ఒక నటుణ్ణి నిలబెడితే ఏమవుతుంది?

డిజైనర్: నా షెపర్డ్ ఇది కాదు అంటాను. అంతే.

యాంకర్: అంటే ఎవర్ని పెట్టినా తిడతారన్నమాట.

డిజైనర్: ముఖం దాకా ఎందుకండీ, వర్మైర్ అనే గ్రహం మీద ఒక ఘట్టం ఉంటుంది. బాంబు పెడతారు, టీమ్‌లో కైడెన్, ఆష్లీ చెరో చోట ఇరుక్కుంటారు, ఒకర్నే కాపాడే టైముంటుంది. ఎవర్ని అన్నది మీరు బటన్ నొక్కి చెప్పాలి. నేను కంట్రోలర్ పక్కన పెట్టి లేచి అటూ ఇటూ తిరిగాను, నిజంగా. ఆ టెన్షన్ సినిమాలో ఎలా వస్తుంది? అక్కడ షెపర్డ్ ఎవర్నో ఒకర్ని కాపాడతాడు, నేను పాప్‌కార్న్ తింటూ చూస్తాను. ఆ పాపం నాది కాదుగా మరి.

రచయిత: పాపం నాది కాదు అన్నావు చూడు, సరిగ్గా అదే. గేమ్‌లో బరువంతా అక్కడే ఉంది. బయోషాక్ అనే గేమ్ ఇంకా పెద్ద ఉదాహరణ, అదీ 2007లోనే వచ్చింది. ఆడనివాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క నిమిషం చెవులు మూసుకోండి. సముద్రం అడుగున ఒక నగరం, రేడియోలో ఒకాయన మర్యాదగా అడుగుతుంటాడు, అటు వెళ్లు, ఇది తీసుకో, అది చెయ్యి అని. మనం చేస్తూ పోతాం, గేమ్ కదా, చెప్పింది చేయడమేగా ఆట. సగం పైన దాటాక తెలుస్తుంది, ఆ మర్యాద మాట వింటే ఎదురు చెప్పలేకుండా ఈ హీరోని ముందే తయారుచేశారని. దెబ్బ తగిలేది హీరోకి కాదు, ఇన్ని గంటలూ ఎందుకని ఒక్కసారి కూడా అడగని మనకి. దాన్ని సినిమాగా తీస్తే మామూలు ట్విస్ట్ అయిపోతుంది. 2008లో గోర్ వెర్బిన్‌స్కీ అనే హాలీవుడ్ దర్శకుడు తీస్తారన్నారు, ఖర్చు దగ్గర ఆగిపోయింది, ఆ కథ అలా ఉంచండి. ఆగకపోయినా ఈ చిక్కు విప్పకుండా ఏం తీసేవారో నాకు అర్థం కాదు.

డిస్ట్రిబ్యూటర్: అయితే తమ్ముడూ, అసలు తీయొద్దంటావా? ఆ లాస్ట్ ఆఫ్ అస్ అన్నదాన్ని మా మనవరాలు రాత్రంతా కూర్చుని చూసింది, అదీ గేమేగా.

రచయిత: మంచి ప్రశ్న అన్నా. అది 2013 గేమ్, హెచ్‌బీఓలో 2023లో సిరీస్‌గా వచ్చింది, గేమ్ రాసిన నీల్ డ్రక్‌మన్ కూడా ఉన్నాడు అందులో. ఎందుకు కుదిరిందంటే ఆ గేమ్‌లో మనకి ఎంపికలే లేవు. చివర్లో జోయెల్ చేసే పనికి మన అనుమతి ఎవరూ అడగరు, వద్దు వద్దు అనుకుంటూనే బటన్ నొక్కుతాం. అంటే ఆ హీరో మొదట్నుంచీ రచయిత సొత్తే, ఆడేవాడి దగ్గర అద్దెకు కూడా లేడు. అలాంటి కథని ఉన్నదున్నట్టు తెర మీదకి తేవచ్చు. మాస్ ఎఫెక్ట్‌ని అలా తెస్తే మునిగిపోతాం. గేమ్ సినిమా అని అన్నిటినీ ఒకే గాటన కట్టేయడం దగ్గరే నిర్మాతలు దెబ్బతింటున్నారు.

యాంకర్: హాలో గేమ్ సంగతేంటి? అదీ ఇలాగే అనుకోవాలా?

డిజైనర్: హాలో గురించి అడిగితే నాకు బీపీ వస్తుంది. 2001 నుంచి దాని హీరో మాస్టర్ చీఫ్ ముఖం గేమ్‌లో చూపించలేదు. 2022లో సిరీస్ తీశారు, మొదటి ఎపిసోడ్‌లోనే హెల్మెట్ తీసేశాడు. రెండు సీజన్లతో ఆపేశారు. హెల్మెట్ ఒక్కటే కారణం అననులే, కానీ వాళ్లకి ఆ హెల్మెట్ ఎందుకుందో అర్థమయ్యుంటే మిగతావీ అర్థమయ్యేవి.

రచయిత: నటుడి వైపు నుంచి చూస్తే, ముఖం లేకుండా అన్ని గంటలు ఎలా నడుపుతాడమ్మా, నాకు వాళ్ల మీద జాలే వేసింది. హాలోకి అంతకంటే ముందు ఇంకో కథ ఉంది. పీటర్ జాక్సన్ నిర్మాత, నీల్ బ్లామ్‌క్యాంప్ అని కుర్ర దర్శకుడు, సినిమా మొదలవబోతుండగా 2006లో స్టూడియోలు ఖర్చు చూసి తప్పుకున్నాయి. వాళ్లిద్దరూ ఊరికే కూర్చోలేదు, జోహన్నెస్‌బర్గ్ వెళ్లి డిస్ట్రిక్ట్ 9 తీశారు. సుమారు 3 కోట్ల డాలర్లతో తీస్తే 20 కోట్లు దాటి తెచ్చింది, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది.

డిస్ట్రిబ్యూటర్: అదీ లెక్క! అలాంటిది చెప్పు. గేమ్ పేరు కోసం కోట్లు పోసి కొనడం దేనికి?

యాంకర్: సార్ ఇప్పుడు లేచారు. (నవ్వులు)

రచయిత: పేరు అక్కర్లేదని నేననను. పేరుతో పాటు వచ్చే లోకం కావాలి. మాయాబజార్ తీసుకోండి, 1957. శశిరేఖ పెళ్లి కథ వ్యాసభారతంలో లేనే లేదు. సినిమా మొత్తం మీద పాండవులు తెర మీదకి రారు. అసలు హీరోలు లేకుండా భారతం తీసి, ఘటోత్కచుణ్ణీ కృష్ణుణ్ణీ పెట్టి నడిపించేశారు కె.వి.రెడ్డి గారు. చూసేవాడికి లోటే తెలియదు, ఎందుకంటే లోకం అదే, మర్యాదలు అవే, కోపాలు అవే. ఫాలౌట్ సిరీస్ వాళ్లు 2024లో చేసింది అదే పని. గేముల్లో మనం ఆడిన ఏ హీరోనీ ముట్టుకోలేదు. కథని 2296లో పెట్టారు, కొత్త మనుషుల్ని తెచ్చారు. ఎవరూ ‘నా హీరో ఇతను కాదు’ అనడానికి వీల్లేకుండా పోయింది.

డిజైనర్: ఇది ఒప్పుకుంటా. కానీ సార్, కొత్త మనుషుల్ని పెట్టడం తేలిక కాదు. గేమ్‌లో లోకాన్ని తెలుసుకోవడానికి కోడెక్స్ ఉంటుంది, అంటే లోపలే ఒక చిన్న విజ్ఞాన సర్వస్వం. ఇష్టమున్నవాళ్లు గంటలు చదువుతారు, లేనివాళ్లు వదిలేస్తారు. సినిమాలో ఆ సమాచారమంతా ఎవరో ఒకరు నిలబడి చెబుతుంటారు, ‘ఇరవై ఆరేళ్ల క్రితం ఏం జరిగిందంటే’ అని. అప్పుడు నేను ఫోన్ తీస్తాను.

యాంకర్: మరి మీరైతే ఏం తీస్తారు సార్? హక్కులు మీ చేతిలో ఉన్నాయనుకుందాం. ఊహకేగా.

రచయిత: ఊహకే, హక్కులు గేమ్ కంపెనీ ఈఏ వాళ్ల దగ్గర ఉన్నాయి, నేను బెంజ్ సర్కిల్ దగ్గర అద్దె ఇంట్లో ఉన్నా. మాస్ ఎఫెక్ట్‌లోనే నాకొక కథ కనిపిస్తుంది. గేమ్ 2183లో మొదలవుతుంది. దానికి ఇరవై ఆరేళ్ల ముందు, 2157లో, మనుషులకి వేరే జాతితో మొదటి యుద్ధం వస్తుంది. ట్యూరియన్లు అనే ఆ జాతివాళ్లు షాన్షీ అనే మన కాలనీని ముట్టడిస్తారు, పైనుంచి బాంబులు, కింద తిండి లేదు. అక్కడి దళాల అధిపతి జనరల్ విలియమ్స్. పోరాడితే జనం చచ్చిపోతారు, అందుకని లొంగిపోతాడు. ఒక నెల తర్వాత మన ఫ్లీట్ వచ్చి కాలనీని విడిపిస్తుంది. ఇక ఆయన పేరు తుడిచినా పోని మచ్చ, వేరే జాతికి లొంగిపోయిన ఏకైక మనిషి అని. ఇందాక చెప్పిన ఆష్లీ ఉంది చూశారూ, ఆమె ఆయన మనవరాలు. ఆ పేరు వల్లే ఆమెకి సైన్యంలో మంచి పోస్టింగులు రావు.

డిజైనర్: అది కూడా షెపర్డ్ అంతరిక్ష ఓడలో ఆష్లీ దగ్గరికెళ్లి మాట్లాడితేనే తెలుస్తుంది. మాట్లాడకుండా గేమ్ పూర్తి చేసినవాళ్లు బోలెడుమంది.

డిస్ట్రిబ్యూటర్: ఆగు తమ్ముడూ, ఆగు. లొంగిపోయినవాడు హీరోనా? మాది పల్నాడు వైపు. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకి వీరుల ఉత్సవాలు జరుగుతాయి, పోరాడి చచ్చినవాళ్లకి మొక్కుతాం. లొంగినవాడికి ఎవడైనా గుడి కట్టాడా?

రచయిత: కట్టలేదు, అందుకేగా ఆయన కథ కావాలి. బాలచంద్రుడు యుద్ధానికి వెళ్లకపోతే తల్లికి కొడుకు మిగిలేవాడు, ఊరు మాత్రం పిరికివాడనేది. ఆ మాట పడి బతికినవాడు ఎలా ఉంటాడు? కాలనీలో ఒక బంకరు, రేషన్ లెక్కలు, రోజురోజుకీ తగ్గే మనుషులు. ఏలియన్లు సినిమాలో కనిపించేది కాసేపే.

డిస్ట్రిబ్యూటర్: ఏలియన్లు తక్కువైతే ఖర్చు తక్కువ. ఆ ముక్క నచ్చింది.

డిజైనర్: షెపర్డ్ లేడు, అతని నార్మండీ ఓడ లేదు, గేమ్ సంగీతం కూడా బహుశా ఉండదు. ఫ్యాన్స్ మొదటి రోజు రారు సార్, ముందే చెబుతున్నా.

రచయిత: రాకపోతే మానె. వచ్చినవాళ్లకి షాన్షీ పేరు వినగానే కళ్లు మెరుస్తాయి, మిగతావాళ్లకి అది ముట్టడిలో ఉన్న ఊరు, ముట్టడి అంటే ఏంటో కోడెక్స్ చదవక్కర్లేదు. నువ్వు ఫోన్ తీసే సీనే ఉండదు.

డిస్ట్రిబ్యూటర్: సరే, ఇంటర్వెల్ ఎక్కడ పడుతుంది?

రచయిత: లొంగుబాటు దగ్గర.

డిస్ట్రిబ్యూటర్: అక్కడే ఇంటర్వెలా! మరి సెకండాఫ్‌లో ఏముంటుంది, లొంగిపోయాక?

రచయిత: విడుదలయ్యాక ఇంటికొస్తాడు. తిండి దొరికి బతికిన జనమే వీధిలో ముఖం తిప్పుకుంటారు.

డిజైనర్: అదంతా గేమ్‌లో లేదు సార్.

రచయిత: లేదు. ఉంటే నేనెందుకు రాయడం?