ఇరిడియం ప్లగ్ వేస్తే మైలేజ్ పెరుగుతుందా? కొనేముందు ఇది చూడండి

నమస్తే అండీ. టేబుల్ మీద మూడు స్పార్క్ ప్లగ్గులున్నాయి, ఇంజన్లో పెట్రోల్‌ని నిప్పురవ్వతో అంటించేవి ఇవే. ఎడమ పక్కది మామూలు నికెల్, మధ్యలోది ప్లాటినం, కుడి పక్కది ఇరిడియం. మొదటిదాని మీద మూడోదాని ధర మూడు నాలుగు రెట్లు పలుకుతుంది. "ఇది వేయించండి సార్, లీటరుకి రెండు కిలోమీటర్లు ఎక్కువొస్తుంది" అని షాపులో అంటారు. రాదు. ఇప్పుడున్న ప్లగ్గులు బాగుంటే దేన్ని వేసినా మీకు తేడా తెలియదు. పాత ప్లగ్గులు అరిగి మైలేజ్ పడిపోయి ఉంటే, కొత్తవి వేశాక ఆ పడిపోయినంత తిరిగొస్తుంది. అంతే. డీజిల్ కారున్నవాళ్ళు నేరుగా టైర్ల దగ్గరికి వెళ్ళిపోండి, మీ ఇంజన్లో స్పార్క్ ప్లగ్గే ఉండదు.

అరిగిన ప్లగ్ పెట్రోల్ ఎలా తాగుతుందో చూద్దాం. స్పార్క్ కొట్టిన ప్రతిసారీ కొనల మీద లోహం రవ్వంత కరుగుతుంది. వేల కిలోమీటర్లు తిరిగేసరికి రెండు కొనల మధ్య గ్యాప్ పెరుగుతుంది, ఆ గ్యాప్ దాటించడానికి ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ ఎక్కువ వోల్టేజ్ ఇవ్వాలి. ఇంటి దగ్గర ఐడ్లింగ్‌లో అంతా బాగానే ఉంటుంది. నలుగురు ఎక్కి, ఏసీ వేసి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మిస్ కొడుతుంది, అంటే స్పార్క్ పడదు. అప్పుడు ఆ సిలిండర్లోని పెట్రోలూ గాలీ కాలకుండా సైలెన్సర్లోకి పోతాయి. అక్కడ ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది కదా, దానికి కాలని పెట్రోల్ కనబడదు, మిగిలిపోయిన ఆక్సిజన్ మాత్రమే కనబడుతుంది. "పెట్రోల్ చాలట్లేదు" అనుకుని ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, ఇంకాస్త పోస్తుంది. ఒక సిలిండర్ తప్పుకి నాలుగూ ఎక్కువ తాగుతాయి. పైగా ఆ కాలని పెట్రోల్, పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్లో మండి దాన్ని పాడు చేస్తుంది, అది ప్లగ్గుల సెట్టు ధరతో పోయే ఖర్చు కాదు. స్కానర్ పెట్టినప్పుడు పి0300 కోడ్ వస్తే ఎక్కడో మిస్ అవుతోందని, పి0301 నుంచి పి0304 వరకు వస్తే చివరి అంకె సిలిండర్ నంబరని అర్థం.

కెమెరా దగ్గరికి తెస్తున్నా, కొనలు చూడండి. నికెల్ ప్లగ్ మధ్య కొన సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లావుంటుంది. ఇరిడియంది 0.6 మిల్లీమీటర్లే, కొన్ని కంపెనీలవి 0.4. సన్నటి కొన నుంచి స్పార్క్ తక్కువ వోల్టేజ్‌కే దూకుతుంది. మరి అంత సన్నంగా నికెల్‌ని ఎందుకు చేయరంటే, నికెల్ 1455 డిగ్రీలకే కరుగుతుంది, తొందరగా అరిగిపోతుంది. ఇరిడియం 2446 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. కాబట్టి ఇరిడియం డబ్బంతా ఆయుష్షుకే. నికెల్ 30, 40 వేల కిలోమీటర్లలో మార్చాలి, కంపెనీ నుంచే ఇరిడియంతో వచ్చిన కార్లలో లక్ష దాకా నడుస్తుంది.

ఇక్కడో మెలిక ఉంది. ఇరిడియం అని రాసినవన్నీ ఒకటి కాదు. బయట కొనేవాటిలో చాలావాటికి మధ్య కొన ఒక్కటే ఇరిడియం, పైన వంగి ఉండే గ్రౌండ్ ఎలక్ట్రోడ్ మామూలు నికెలే. అది అరిగాక ఇరిడియం ఉండీ లాభం లేదు. లక్ష నడిచే రకానికి ఆ వంపు కింద చిన్న ప్లాటినం బిళ్ళ అతికి ఉంటుంది, భూతద్దం పెడితే కనిపిస్తుంది. ఒకే కాయిల్ రెండు ప్లగ్గుల్ని కొట్టే పాత ఇంజన్లలో ఇది మరీ ముఖ్యం. ఆ జంటలో ఒకదానికి కరెంటు తిరగేసి పోతుంది, దాంట్లో ముందు అరిగేది ఆ వంపే. ఇక నాలుగు కాళ్ళ ప్లగ్ ఒకటి అమ్ముతుంటారు. నాలుగు కాళ్ళకీ నాలుగు స్పార్కులు రావు, ఒకసారికి ఒకదానికే దూకుతుంది.

సరే, ఏది కొనాలి? మాన్యువల్లో రాసిన నంబరు కొనాలి. ఎన్‌జీకే అనే ప్లగ్గుల కంపెనీ వాళ్ళ బీకేఆర్6ఈ-11 తీసుకుందాం, పెట్రోల్ కార్లలో బాగా కనిపించే నంబరు. బీకే అంటే 14 మిల్లీమీటర్ల థ్రెడ్, 16 పాన పట్టే తల. ఆర్ అంటే లోపల సుమారు 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్, అది లేని ప్లగ్ వేస్తే రేడియోలో గరగర, ఒక్కోసారి ఈసీయూకీ తలనొప్పి. 6 అనేది హీట్ రేంజ్. ఈ అంటే థ్రెడ్ పొడవు 19 మిల్లీమీటర్లు. 11 అంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు. థ్రెడ్ పొడవు తప్పితే ప్లగ్ వెళ్ళి పిస్టన్‌కి తగలొచ్చు, కాబట్టి "ఇదే సరిపోద్దిలే" అన్నవాళ్ళ మాట వినొద్దు.

హీట్ రేంజ్ దగ్గర చాలామంది మెకానిక్‌లు కూడా తడబడతారు. ప్లగ్ కొన 450 డిగ్రీలు దాటితేనే దాని మీది మసి దానంతట అదే కాలిపోతుంది. 850 దాటితే స్పార్క్ రాకముందే పెట్రోల్ అంటుకుంటుంది. ఈ రెండింటి మధ్య ఉంచడానికే ఆ అంకె. ఎన్‌జీకేలో, డెన్సోలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లటిది, అంటే కొన మీది వేడిని త్వరగా వదిలేస్తుంది. బాష్‌లో రివర్స్, అంకె పెరిగేకొద్దీ వేడిది. ఒక కంపెనీ అంకె చూసి ఇంకో కంపెనీది కొంటే దెబ్బతింటారు. "మన ఎండలకి చల్లటి ప్లగ్ మంచిది" అని కూడా అంటుంటారు. ప్లగ్గుకి బయట ఎండతో పని లేదు. సిటీలో రెండు మూడు కిలోమీటర్లు తిరిగే బండికి చల్లటి ప్లగ్ వేస్తే మసి పట్టి మిస్ కొడుతుంది.

పాతవి తీశాక పారేయకండి, వరసలో పెట్టి చూడండి. లేత గోధుమ, బూడిద రంగులో ఉంటే ఇంజన్ బాగుంది. పొడి నల్ల మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది, లేదా బండి వేడెక్కేలోపే ఆపేస్తున్నారు. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది, పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్ళో చూపించాలి. పింగాణీ తెల్లబడి, పొక్కులొచ్చి ఉంటే ఓవర్‌హీట్. నాలుగింట్లో ఒక్కటే తేడాగా ఉందంటే సమస్య ఆ సిలిండర్లోనే. ప్లగ్ బయట, తెల్ల పింగాణీ కింద అంచులో, గోధుమ రంగు మరక కనిపిస్తుంది చూడండి. గ్యాస్ లీకవుతోందని దీన్ని చూపించి మార్పించేస్తుంటారు. హై వోల్టేజ్ వల్ల చుట్టూ గాలిలోని నూనె తుంపర అక్కడ అంటుకుంటుంది, దానితో ఏ నష్టమూ లేదు.

బిగించేటప్పుడు ఇంజన్ పూర్తిగా చల్లారాలి. వేడిమీద తీస్తే అల్యూమినియం హెడ్ థ్రెడ్డే ఊడొస్తుంది. కాయిల్ తీశాక ప్లగ్ గుంటలోకి గాలి కొట్టండి, లేకపోతే అక్కడి ఇసుక సిలిండర్లో పడుతుంది. గుంటలో నూనె నిలిచి ఉంటే ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్ కూడా మార్చాలి. ఒక్కో సిలిండర్ పని ముగించాకే రెండోదానికి వెళ్ళండి. నికెల్ ప్లగ్ గ్యాప్‌ని ఫీలర్ గేజ్‌తో (సన్నటి కొలత రేకులు) చూసి, తేడా ఉంటే పైన వంపుని మాత్రమే కదపండి. ఇరిడియం గ్యాప్ ముట్టుకోవద్దు, ఆ సన్నటి కొన మీద పరికరం ఆనితే పుటుక్కుమంటుంది. మొదట పానాకి హ్యాండిల్ తగిలించకుండా చేత్తో తిప్పండి. రెండు చుట్లలోపే బిగుసుకుందంటే థ్రెడ్ అడ్డం పడింది, వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టండి. చివర్లో 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకి బిగింపు (టార్క్) 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్ లేకపోతే, చేత్తో ఆగిన దగ్గర్నుంచి కొత్త వాషర్ ఉన్న ప్లగ్‌ని ఇంకో అర చుట్టు. థ్రెడ్డుకి గ్రీజు రాయొద్దు, జారుడు వల్ల తెలియకుండానే ఎక్కువ బిగుస్తుంది.

డూప్లికేట్లు బాగా తిరుగుతున్నాయి కాబట్టి మల్టీమీటర్ ఉంటే పై కొనకీ మధ్య కొనకీ మధ్య కొలవండి. రెసిస్టర్ ప్లగ్‌లో కిలో ఓమ్‌లలో రీడింగ్ రావాలి. సున్నా వస్తే లోపల రెసిస్టర్ లేనట్టే. అసలుదానికి వాషర్ థ్రెడ్డులో చిక్కుకుని ఉంటుంది, చేత్తో లాగితే ఊడి రాదు.

ఇక మైలేజ్ తినే మిగతావి చూద్దాం, ముందు టైర్లు. పొద్దున్నే, బండి కదపకముందు, డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న పీఎస్ఐ పెట్టించండి. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజ్ 0.2 శాతం పోతుంది. 33 ఉండాల్సిన చోట 25 ఉంటే ఒకటిన్నర శాతం పైనే, టైరు అంచులు అరగడం అదనం. ఓ ఇరవై కిలోమీటర్లు వెళ్ళొచ్చాక నాలుగు రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు, దగ్గర పెడితే చాలు. ఒక్కటి మాత్రం సెగ కొడుతుంటే బ్రేక్ పట్టేసింది. క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని నొక్కేది) పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెడితే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది.

తర్వాత ఇంజన్ ఆయిల్. 0డబ్ల్యూ-20 లాంటి పలచటి ఆయిల్ అడిగే ఇంజన్లో "చిక్కగా ఉంటే మంచిది" అని 20డబ్ల్యూ-50 పోయించకండి, ఆ చిక్కదనాన్ని తిప్పడానికే పెట్రోల్ ఖర్చవుతుంది. ఇంకోటి, వేసవిలో వేడెక్కుతోందని థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని ఆపే వాల్వ్) పీకి పారేసే అలవాటు మన షెడ్లలో ఇంకా ఉంది. అది లేకపోతే ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు. ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. మీ టెంపరేచర్ ముల్లు హైవేలో సగం కూడా ఎక్కట్లేదంటే ముందు ఇదే అడగండి. ఎయిర్ ఫిల్టర్ సంగతి చాలామందికి నచ్చదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ల్యాబ్ 2009లో పరీక్షిస్తే ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో మూసుకుపోయిన ఫిల్టర్ మైలేజ్‌ని దాదాపు తగ్గించలేదు, పికప్‌ని తగ్గించింది. దుమ్ము ఇంజన్లోకి పోకుండా ఉండటానికి మార్చండి, మైలేజ్ ఆశతో కాదు.

ప్లగ్గులు మార్చినా పాత మైలేజ్ రావట్లేదని అడిగేవాళ్ళు బంకులో ఏం పోస్తున్నారో కూడా చూడాలి. ఈ20లో 20 శాతం ఇథనాల్, పెట్రోల్ కంటే దాంట్లో శక్తి మూడో వంతు తక్కువ. నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే, ఇథనాల్ లేని పెట్రోల్‌కి డిజైన్ చేసి ఈ10కి (10 శాతం ఇథనాల్) ట్యూన్ చేసిన కార్లకి ఈ20తో 6 నుంచి 7 శాతం, ఈ10కి డిజైన్ చేసి ఈ20కి ట్యూన్ చేసినవాటికి 1 నుంచి 2 శాతం తగ్గుతుందని రాశారు. దాన్ని ఏ ప్లగ్గూ పూడ్చదు.

కొలవడానికి మీటర్ బోర్డు చూపించే అంకెని నమ్మొద్దు. ఒకే బంకులో, అదే పంపు దగ్గర, మొదటిసారి ఆటో కట్ అయ్యే దాకా కొట్టించి ట్రిప్ సున్నా చేయండి. ట్యాంకు సగం కిందికి వచ్చాక మళ్ళీ అక్కడే ఆటో కట్ దాకా. 480 కిలోమీటర్లు తిరిగి 30 లీటర్లు పట్టిందంటే లీటరుకి 16. ఒక్క ట్యాంకుతో తేల్చేయకండి. ప్లగ్గులు మార్చకముందు మూడు, మార్చాక మూడు రాసుకుని, రెండు లెక్కలూ కామెంట్లో పెట్టండి.